టెక్సస్ సెక్స్ అఫెండర్ రిజిస్ట్రేషన్: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు తప్పకుండా పట్టుకోవాల్సిన తేదీలు

అబ్బాయి మీద టెక్సస్ రాష్ట్రంలో, డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో లైంగిక నేరం కేసు నడిచింది. కోర్టులో ఒప్పుకుంటే జైలు లేకుండా ప్రొబేషన్‌తో, అంటే బయటే ఉంటూ కోర్టు పర్యవేక్షణలో గడిపేలా సరిపెట్టారని ఫోన్ వస్తుంది. తిరుపతిలో ఉన్న అమ్మానాన్నలకు గండం గడిచిందనిపిస్తుంది. కానీ అసలు పని ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఆ తరువాత కొందరు జైలుకు పోయేది కొత్త నేరం చేసినందుకు కాదు. ఇల్లు మారి చెప్పనందుకు, ఉద్యోగం పోయి చెప్పనందుకు.

లైంగిక నేరాల్లో తీర్పు పడినవారు తమ పేరు, ఇల్లు, ఉద్యోగం పోలీసుల దగ్గర నమోదు చేయించుకుని, మారినప్పుడల్లా చెప్పాలన్నదే రిజిస్ట్రేషన్ చట్టం. ఇది పిల్లల రక్షణ కోసం వచ్చింది. దాన్ని ఎలా తప్పించుకోవాలన్నది ఇక్కడ దొరకదు. ఎలా పాటించాలన్నదే ఉంటుంది.

టెక్సస్‌లో రిజిస్ట్రీ 1991 సెప్టెంబరు 1న మొదలైంది. నమోదు అవసరమైన నేరాల్లో 1970 సెప్టెంబరు 1 నుంచి పడిన తీర్పులు దాని కిందికి వస్తాయి. నిబంధనలు ఆ రాష్ట్ర క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 62వ అధ్యాయంలో ఉన్నాయి. వివరాలన్నీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ, అంటే డీపీఎస్ దగ్గర చేరతాయి. పేరు, ఫొటో, ఇంటి అడ్రసు, నేరం అందరూ చూసేలా వెబ్‌సైటులో పెడతారు.

ముందు తెలుసుకోవాల్సింది: “కేసు కొట్టేశారు” అంటే ఏమిటి

డిఫర్డ్ అడ్జుడికేషన్ అనే పద్ధతి ఒకటుంది. నిందితుడు ఒప్పుకుంటాడు. జడ్జి దోషి అని ప్రకటించకుండా కొన్నేళ్లు పర్యవేక్షణలో పెడతాడు. అది సవ్యంగా పూర్తయితే కేసు ముగిసిపోతుంది. మన ఇళ్లల్లో దీన్ని “కొట్టేశారు” అని చెప్పుకుంటారు. రిజిస్ట్రీ లెక్కలో ఇది కొట్టేసినట్టు కాదు, శిక్ష పడినవాళ్లతో పాటే పేరు నమోదు చేయాలి. ఇమిగ్రేషన్ చట్టం కూడా దీన్ని శిక్ష కిందే చూస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నా సరే, కొన్ని నేరాలకు దేశం నుంచి పంపించేస్తారు. అందుకే ఒప్పుకోక ముందే అడగాలి. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది డిఫెన్స్ లాయరు చెప్పి తీరాలని 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ సలహా రాతపూర్వకంగా తీసుకోండి. క్రిమినల్ లాయరుకు ఇమిగ్రేషన్ పట్టు లేకపోతే ఆ పని తెలిసిన ఇంకొకరికి డబ్బు కట్టి అడగండి. మొత్తం ఖర్చులో ఇంతకంటే సార్థకమైనది ఇంకోటి ఉండదు.

చాట్‌లో మైనర్‌తో లైంగికంగా మాట్లాడాననుకుని దొరికిన కేసుల్లో “అవతల ఉన్నది అమ్మాయి కాదు, పోలీసే కదా” అని వాదిస్తారు. ఆ వాదన నిలవదు. అవతలివాళ్లకు 17 ఏళ్లు నిండలేదని అతను నమ్మితే చాలు, అలాంటి మాటలు ఆన్‌లైన్ సొలిసిటేషన్, అంటే మైనర్‌ను ఆన్‌లైన్లో లైంగిక చర్యకు పురిగొల్పిన నేరం కిందికి రావచ్చు. అదీ రిజిస్ట్రేషన్ ఉన్న నేరమే. ఇండియాలో పడిన శిక్ష కూడా అక్కడి నేరంతో సారాంశంలో సరిపోలితే టెక్సస్‌కు వెళ్లినవారికి లెక్కకొస్తుంది.

ఇంకో మాట. మన వైపు పెద్దమనుషుల్ని పంపి అవతలి కుటుంబంతో రాజీ మాట్లాడే అలవాటు ఉంది. ఇక్కడ ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. బాధితుల కుటుంబానికి డబ్బు ఇస్తామని కబురు పంపడం సాక్షిని ప్రభావితం చేసిన నేరం అవుతుంది. ఆ పాపకో బాబుకో మళ్లీ గాయం చేసినట్టూ అవుతుంది.

మొదటి నమోదు

ఒక ఊరిలో ఏడు రోజులకు మించి ఉండబోతే ఆ ఊరి పోలీసు డిపార్ట్‌మెంట్‌లో, ఊరి పరిధి బయట అయితే కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరీఫ్ దగ్గర, దిగిన ఏడో రోజు లోపల స్వయంగా వెళ్లి నమోదు చేయించుకోవాలి. ఆ ఆఫీసు అంతకంటే ఆలస్యంగా అపాయింట్‌మెంట్ ఇస్తే ఆ తేదీ చెల్లుతుంది. అలాంటప్పుడు ఎప్పుడు ఫోన్ చేశారు, ఎవరు ఏ తేదీ ఇచ్చారు అన్నది రాసి పెట్టుకోవాలి. వీలైతే ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోవాలి.

ఎక్కువగా తప్పు జరిగేది ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే. లీజు మీద ఊరి పేరు ఒకటుంటుంది, ఇల్లు మాత్రం ఆ నగర పరిధిలో ఉండదు. అది పోస్టల్ అడ్రసు మాత్రమే. ఫ్రిస్కో లాంటి ఊరైతే కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరచుకుని ఉంది. లీజు మీద సంతకం చేయకముందే పోలీసు డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి, డోర్ నంబరుతో సహా చెప్పి, “ఇది మీ పరిధిలోదేనా, ఇక్కడ ఉండటానికి నగరం పెట్టిన దూరం నిబంధన ఏమైనా ఉందా” అని రెండూ అడగాలి. స్కూళ్లకు, పార్కులకు ఇంత దూరంలో ఉండాలని కొన్ని నగరాలు సొంతంగా నిబంధనలు పెట్టుకున్నాయి. ప్రొబేషన్‌లో ఉన్నవారికి కోర్టు పెట్టే దూరం షరతు వేరే. అపార్ట్‌మెంట్ డిపాజిట్ కట్టేశాక ఈ సంగతి తెలిస్తే ఆ డబ్బు వెనక్కు రావడం కష్టం.

వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డు, లీజు లేదా కరెంటు బిల్లు, సోషల్ సెక్యూరిటీ నంబరు, కోర్టు తీర్పు కాపీ, ఫోన్ నంబర్లు, కారు వివరాలు, పని చేసే చోటు అడ్రసు పట్టుకెళ్లాలి. వేలిముద్రలు, ఫొటో అక్కడే తీసుకుంటారు. చెప్పుల సైజు కూడా అడుగుతారు, ఫారంలో ఉన్న కాలమే అది. ఆన్‌లైన్ పేర్లన్నీ ఇవ్వాలి: ఈమెయిళ్లు, ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్, గేముల్లో పెట్టుకున్న మారుపేర్లతో సహా. ఇంట్లోవాళ్లు మ్యాట్రిమోనీ సైటులో ప్రొఫైల్ తెరిచి అబ్బాయి అందులో మెసేజీలు పంపుతుంటే ఆ ఐడీ కూడా అందులోకి వస్తుంది.

తరువాత వచ్చే తేదీలు

శిక్షలు ఎక్కువున్నవారిని, అంటే లైంగిక హింస కింద రెండు లేదా అంతకు మించి తీర్పులున్నవారిని, ప్రతి 90 రోజులకు రమ్మంటారు. మిగిలినవారు ఏడాదికి ఒకసారి, పుట్టినరోజుకు 30 రోజుల ముందు నుంచి 30 రోజుల తరువాత వరకు ఉన్న గడువులో వెళ్లాలి. ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. అసలు పుట్టినరోజు వేరు, బడిలో చేర్చేటప్పుడు రాయించి పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి ఎక్కిన తేదీ వేరు. రిజిస్ట్రీ ఎరిగింది కాగితం మీది తేదీనే. అమ్మ పాయసం వండే రోజును పట్టుకుని లెక్కేస్తే గడువు దాటిపోతుంది.

ఇల్లు మారడానికి రెండు గడువులు. మారబోయే తేదీకి ఏడు రోజుల ముందే పాత ఊరి ఆఫీసుకు స్వయంగా వెళ్లి చెప్పాలి, ప్రొబేషన్ ఆఫీసరు ఉంటే ఆయనకూ చెప్పాలి. మారిన ఏడు రోజుల్లోపు కొత్త చోట చెప్పాలి. ఒక్క చోటే చెప్పి ఊరుకోవడం తరచుగా కనబడే తప్పు. చెప్పిన తేదీకి ఇల్లు ఖాళీ కాక మారలేకపోతే, ఆ తేదీ నుంచి ఏడు రోజుల్లోపు మళ్లీ వెళ్లి మారలేదని చెప్పాలి.

పేరు, ఉద్యోగం, చదువు, ఆన్‌లైన్ పేరు మారినా, జబ్బు చేసి ఆసుపత్రిలో చేరినా ఏడు రోజులే. ఉద్యోగం విషయంలో సాఫ్ట్‌వేర్‌వాళ్లు బాగా జాగ్రత్తపడాలి. కంపెనీ మారకపోయినా పని చేసే చోటు మారితే అది మార్పే. కన్సల్టెన్సీ ఒకటే, క్లయింటు ప్లానో నుంచి ఇర్వింగ్‌కు మారాడు అంటే వెళ్లి చెప్పాలి. లేఆఫ్ అయితే హెచ్-1బీ ఉద్యోగ వీసా వారికి దేశంలో ఉండటానికి 60 రోజుల వరకు గడువుంటుందన్న సంగతే మనసులో ఉంటుంది. రిజిస్ట్రీకి మాత్రం ఏడు రోజుల్లో చెప్పాలి.

ఫెడరల్ చట్టం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ చట్టం ఇంకా బిగువుగా ఉంటుంది. 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం ప్రకారం పేరు, నివాసం, ఉద్యోగం, చదువు మారితే మూడు పనిదినాల్లో హాజరు కావాలి. కాబట్టి మా మాట ఒకటే: మార్పు తరువాత టెక్సస్ ఇచ్చిన ఏడు రోజుల్ని మరిచిపోండి, మూడో పనిదినానికే వెళ్లండి. రెండు చట్టాలూ ఒక్క హాజరుతో సరిపోతాయి.

శని, ఆదివారాలు స్నేహితుల ఇంట్లో గడిపేవారికి ఇంకో నిబంధన. ఒకే నెలలో మూడుసార్లు, ప్రతిసారీ వరసగా 48 గంటలు దాటి వేరే ఊళ్లో ఉంటే, ఆ నెల ముగిసేలోపు ఆ ఊరి పోలీసులకూ చెప్పాలి. శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం రాత్రి తిరిగొస్తే 48 గంటలు దాటినట్టే. డ్రైవింగ్ లైసెన్సు ఏటా స్వయంగా వెళ్లి రెన్యువల్ చేయించుకోవాలి. యూనివర్సిటీలో చేరితే క్యాంపస్ పోలీసుల దగ్గర మళ్లీ ఏడు రోజుల్లో నమోదు ఉంటుంది.

ప్రతి హాజరుకూ రసీదో, సంతకం పెట్టిన ఫారం కాపీయో అడిగి తీసుకోవాలి. ఫొటో తీసి తిరుపతిలో అక్కకో తమ్ముడికో పంపితే ఇంకో కాపీ భద్రంగా ఉంటుంది. గడువు తప్పితే పదేళ్లు నమోదులో ఉండాల్సినవారికి 180 రోజుల నుంచి రెండేళ్ల వరకు, జీవితాంతం ఉండాల్సినవారికి రెండు నుంచి పదేళ్లు, 90 రోజుల కేటగిరీ వారికి రెండు నుంచి ఇరవై ఏళ్లు జైలు.

తిరుపతికి రావాలంటే

అమెరికా దాటి వెళ్లాలంటే 21 రోజుల ముందే చెప్పాలి. బయలుదేరే తేదీ, తిరిగొచ్చే తేదీ, ఫ్లైట్ నంబర్లు, మధ్యలో దిగే దేశం, ఇండియాలో ఉండబోయే అడ్రసు, ఎందుకు వెళ్తున్నారు, అన్నీ రాసివ్వాలి. చెన్నైలో దిగి కారులో తిరుపతికి వచ్చి, మధ్యలో చిత్తూరులో అత్తగారింట్లో నాలుగు రోజులుంటే ఆ అడ్రసు కూడా రాయాలి. చెప్పకుండా ఎక్కితే ఫెడరల్ నేరం, పదేళ్ల వరకు జైలు. ఆ సమాచారం ఇండియా ప్రభుత్వానికి వెళ్లవచ్చు. 2016 ఇంటర్నేషనల్ మేగన్స్ లా ప్రకారం, మైనర్ మీద నేరం చేసి రిజిస్ట్రీలో ఉన్న అమెరికా పౌరుల పాస్‌పోర్టులో ఆ సంగతి అచ్చు వేస్తారు. ఇండియన్ పాస్‌పోర్టు మీద అది ఉండదు. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు టికెట్టు కొనకముందే ఇమిగ్రేషన్ లాయరును కలవాలి. వెళ్లడం సులభమే. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపి కొత్తగా ప్రవేశం కోరినట్టు చూడవచ్చు.

మొక్కుబడికి వచ్చేవారికి 21 రోజులు ఇబ్బంది కాదు. శ్రీవారి ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో దొరుకుతాయి కాబట్టి, దర్శనం తేదీ ఖాయమైన వారమే నోటీసు ఇచ్చేయవచ్చు. బాధంతా చావు కబురు వచ్చినప్పుడే. నాన్న పోతే పదకొండో రోజుకు అందుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ఆ రోజే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి, మరణ ధ్రువీకరణ లేదా ఆసుపత్రి కాగితం చూపి, అత్యవసర ప్రయాణం అని రాసిచ్చి, లాయరు సరేనన్నాకే ఎక్కాలి. ఒప్పుకోకపోతే ఎక్కవద్దు. పెద్దలున్న ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకోండి: కొరివి తమ్ముడు పెడతాడా, దాయాదుల్లో ఎవరైనా పెడతారా అని. పెద్దకొడుకు సంవత్సరీకానికి రావచ్చు, దానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. ఆ దుఃఖంలో “చెప్పకుండా వచ్చేయ్ నాయనా” అని ఫోన్లో అన్న ఒక్క మాట వాడి పదేళ్లు తినేయగలదు.

పెళ్లి సంబంధం

దాచవద్దు. డీపీఎస్ సైటులోనూ, దేశమంతటికీ ఉన్న ఎన్ఎస్ఓపీడబ్ల్యూ సైటులోనూ పేరు కొడితే ఫొటోతో సహా వస్తుంది. అమ్మాయి తరఫువాళ్లకు ఆ వెతకడం హక్కు. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 కింద రద్దు చేయించుకోవచ్చు. మైనర్ మీద నిర్దిష్ట నేరాల్లో శిక్ష పడిన అమెరికా పౌరుడు భార్యకు వీసా కోసం పిటిషన్ వేయడానికే అర్హుడు కాదు. ప్రమాదం లేదని హోంలాండ్ సెక్యూరిటీ విభాగం ఒప్పుకుంటేనే వీలవుతుంది, దాని మీద అప్పీలు లేదు. పెళ్లయ్యాక చిత్తూరులో ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సింది ఆ పిల్లే. కుటుంబంలో చిన్నపిల్లలున్న ఇంటికి వెళ్లేముందు కూడా ప్రొబేషన్ షరతులు చదివి, ఆ ఇంటివాళ్లకు విషయం చెప్పి వెళ్లాలి.

బెదిరింపు ఫోన్లు

వివరాలు బహిరంగంగా ఉంటాయి కాబట్టి మోసగాళ్లు అక్కడి నంబరు నుంచి ఫోన్ చేసి, “నీ రిజిస్ట్రేషన్ తప్పింది, వారెంటు ఉంది, ఇప్పుడే డబ్బు కట్టు” అంటారు. షెరీఫ్ ఆఫీసు గిఫ్ట్ కార్డుల్లో డబ్బు అడగదు. ఫోన్ పెట్టేసి, నమోదైన ఆఫీసు నంబరుకు తామే చేసి అడగాలి. అదే బెదిరింపు తిరుపతిలో తల్లిదండ్రులకు వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేయండి.

ఎప్పటిదాకా

కొన్ని నేరాలకు జీవితాంతం, మిగిలినవాటికి పదేళ్లు. పదేళ్లను తీర్పు రోజు నుంచి లెక్కపెట్టడం తప్పు. జైలు నుంచి విడుదలైన రోజు నుంచో, ప్రొబేషన్ ముగిసిన రోజు నుంచో లెక్క మొదలవుతుంది. ఐదేళ్ల ప్రొబేషన్ అయితే మొత్తం పదిహేనేళ్లు. ఒకే కేసు ఉన్న కొందరికి, ఫెడరల్ చట్టం కోరినదానికంటే టెక్సస్ ఎక్కువ కాలం పెట్టిన నేరాల్లో, గడువుకు ముందే పేరు తీసేయమని కోర్టును అడిగే దారి ఉంది. దానికి మళ్లీ నేరం చేసే రిస్క్ ఎంతో చెప్పే, లైసెన్సున్న నిపుణుడి అంచనా కావాలి. ఏ దారిలో వెళ్లినా, పేరు తీసేసినట్టు డీపీఎస్ కాగితం చేతికి వచ్చేదాకా పుట్టినరోజు హాజరు మానకూడదు.