నెలనెలా ఆదాయమా, పెట్టుబడి పెరగడమా: ఎలా తేల్చుకోవాలి?

తిరుపతిలో ఇల్లు అద్దెకిస్తే నెలనెలా చేతికొచ్చేది ఆదాయం. రేణిగుంట దారిలో కొన్న ఖాళీ ప్లాటు పైసా అద్దె ఇవ్వదు, దాని లాభమంతా అమ్మిన రోజే. షేర్లు, ఫండ్లలోనూ ఈ రెండు దారులే. మీకేది కావాలో తేల్చుకోకుండా డబ్బు పెట్టకండి.

1. ముందు ఖర్చు రాసుకోండి. పెన్షన్ పోను నెలకు ఇంకా ఎంత కావాలి? రిటైరైనవారికి ఆ లోటు పూడ్చేది ఆదాయం. ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్లవాళ్లకు వడ్డీ చేతికి రావాల్సిన పనే లేదు, పెట్టుబడిని పెరగనివ్వాలి.

2. పన్ను ఎప్పుడు పడుతుందో చూడండి. ఎఫ్‌డీ వడ్డీ, డివిడెండ్ (కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచేది) ఏటా మీ ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. షేర్లు, ఈక్విటీ ఫండ్ల (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్ల) లాభం మీద మాత్రం అమ్మినప్పుడే. ఏడాది దాటాక అమ్మితే, ఆ ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపైతే 20 శాతం. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను లేదు కదా అని ధీమాగా ఉండకండి, ఆ రిబేటు ఈ పన్నుకు వర్తించదు.

3. ఫండ్‌లో గ్రోత్ ఆప్షనే (లాభం చేతికివ్వకుండా ఫండ్లోనే పెరగనిచ్చేది) ఎంచుకోండి. చాలామంది పెద్దవాళ్లు డివిడెండ్ ఆప్షన్‌ని అదనపు రాబడి అనుకుంటారు. అది మీ డబ్బులోంచే తీసి ఇచ్చేది, ఇచ్చినంత మేరా యూనిట్ విలువ తగ్గుతుంది. పైగా వచ్చిందంతా పన్ను లెక్కలోకి వస్తుంది. నెలనెలా డబ్బు కావాలంటే గ్రోత్‌లో ఉంచి, ఏడాది దాటాక ఎస్‌డబ్ల్యూపీ (నెలనెలా కొన్ని యూనిట్లు అమ్మి డబ్బు మీ ఖాతాలో వేసే ఏర్పాటు) పెట్టుకోండి. ఒకేసారి పెట్టిన 10 లక్షలు 12 లక్షలయ్యాయనుకుందాం. 12,000 తీస్తే అందులో లాభం 2,000 మాత్రమే, మిగతాది మీ అసలు. పన్ను లెక్కకు వచ్చేది ఆ 2,000 ఒక్కటే. కాకపోతే మార్కెట్ పడ్డప్పుడూ యూనిట్లు అమ్ముడవుతూనే ఉంటాయి, అసలు కరిగిపోతుంది. అందుకే రెండేళ్ల ఖర్చు ఎఫ్‌డీలోనో, 60 దాటినవారైతే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలోనో ఉంచమని గట్టిగా చెబుతాను.

4. పన్ను లేని ఖాతాను వాడుకోండి. లండన్‌లో ఉన్న పిల్లలు ఐసా (బ్రిటన్లో పన్ను లేని పొదుపు, పెట్టుబడి ఖాతా) గురించి చెబుతుంటారు: ఏటా 20,000 పౌండ్ల దాకా వేసి, అందులో షేర్లు కొన్నా అమ్మినా లాభానికి పన్ను లేదు. మన దేశంలో అలాంటి ట్రేడింగ్ ఖాతా లేదు. మనకున్నది పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం): ఏటా 1.5 లక్షల దాకా, 15 ఏళ్లు, వడ్డీకి పన్ను లేదు. డబ్బు 5వ తేదీలోపు వేస్తేనే ఆ నెల వడ్డీ వస్తుంది.

5. మార్చి 31 లోపు ఒకసారి లెక్క చూడండి. ఏడాది దాటిన ఫండ్ యూనిట్లలో 1.25 లక్షల లోపు లాభం ఉంటే అమ్మి, మళ్లీ కొనుక్కోవచ్చు. కొన్న ధర కొత్తగా మొదలవుతుంది కాబట్టి రేపటి పన్ను తగ్గుతుంది. ఎగ్జిట్ లోడ్ (త్వరగా అమ్మితే ఫండ్ పట్టుకునే రుసుము) ఉందేమో ముందే చూసుకోండి. ఈ మినహాయింపు ఏడాదికి పైగా పట్టుకున్నవారికే గానీ రోజూ కొని అమ్మేవారికి కాదు. ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం), ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే, ధర ఎటు పోతుందో పందెం లాంటి ఒప్పందాలు) లాభాలు వ్యాపార ఆదాయం కిందికి వస్తాయి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క. రిటైర్మెంట్ డబ్బుని అటువైపు పోనివ్వకండి.