పెళ్లికార్డుల నుంచి సినిమా టైటిల్స్ దాకా: ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకి

ఈ లైన్లోకి రావాలని నాకు ఫోన్ చేసే పిల్లలు ముందు అడిగేది ఒకటే: "అక్కా, టైటిల్ లోగో ఎలా చేస్తారు?" లోగో గురించి చెబుతాను గానీ, దాని మీద బతుకుతున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. సినిమాకి లోగో ఒకటే ఉంటుంది. పేర్లు మాత్రం రెండు వందలు, నాలుగు వందలు ఉంటాయి. కృష్ణానగర్‌లో నా అద్దె కట్టింది ఆ పేర్లే. అందుకే పేర్ల దగ్గర మొదలుపెడతాను.

నేను విజయవాడలో, బీసెంట్ రోడ్డుకి దగ్గర్లో ఒక పెళ్లికార్డుల షాపులో డీటీపీ చేసేదాన్ని. మేనమామ పేరు బాబాయి పేరు కింద పడిందని 500 కార్డులు మళ్లీ వేయించిన పెద్దాయన నాకింకా గుర్తున్నారు. సినిమా టైటిల్స్‌లో జరిగేదీ అచ్చంగా అదే. 'సమర్పణ' ఎవరిది, హీరో పేరు సినిమా పేరుకి ముందా వెనకా, సీనియర్ నటుడికి కార్డు (తెర మీద ఒకసారికి పడే పేరు లేదా పేర్లు) విడిగా వెయ్యాలా, నలుగురిలో కలపాలా, ఇద్దరు హీరోయిన్లుంటే ఎవరి పేరు ముందు. మామూలుగా నిర్మాత పేరు చివరికి దగ్గర్లో, దర్శకుడి పేరు ఆఖర్న పడుతుంది. మిగతా వరుసలో మీ తెలివి వాడకండి. ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర్నుంచి లిస్టు మెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్లో చెప్పినదాన్ని ఎవరూ ఒప్పుకోరు. చెప్పిన మనిషే ఒప్పుకోడు.

లిస్టు ఎక్సెల్‌లో వస్తుంది, అదీ ఇంగ్లిష్‌లో. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. మనవాళ్లు 'త'ని టీహెచ్ అని రాస్తారు కాబట్టి స్వాతి, లత, తోట అన్నీ అలాగే వస్తాయి. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని 'స్వాథి' చేస్తాడు. 'రమణ' కాస్తా 'రామన' అవుతుంది. ఏది హ్రస్వమో ఏది దీర్ఘమో ఇంగ్లిష్ అక్షరాలు చెప్పవు. నా రెండో సినిమాలో లైట్‌మెన్ లిస్టులో 'కోదండం' అన్న పేరును 'కొదండం' అని వేశాను. రిలీజయ్యాక ఆయన నంబర్ సంపాదించి ఫోన్ చేశారు. కోప్పడలేదు. "అమ్మా, పద్దెనిమిదేళ్లకి తెర మీద పేరు పడిందని ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాను. మా మనవరాలు చదివి నవ్వింది" అన్నారు. అప్పట్నుంచి పద్ధతి మార్చుకున్నాను. లిస్టు మొత్తం తెలుగులో టైప్ చేసి, ప్రింట్ తీసి, ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఒక మనిషికి ఇచ్చి, చదివించి, సంతకం పెట్టించుకుంటాను. రెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఆ రెండు రోజులూ ముందే లెక్కలో వేసుకోండి.

తెలుగులోనే లిస్టు పంపామని సంతోషపెట్టేవాళ్లూ ఉంటారు. తెరిస్తే అనూ ఫాంట్‌లో ఉంటుంది. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల కోడ్) కాదు. టైటిల్స్‌ని కదిలించే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ గుర్తులు కలగాపులగంగా వస్తాయి. కన్వర్టర్లున్నాయి, వాడండి. కానీ మార్చాక ఒత్తులన్నీ కంటితో చూసుకోండి. 'స్త్రీ', 'కృష్ణ', 'జ్యోత్స్న' ఈ మూడూ సరిగ్గా వచ్చాయంటే మిగతావి చాలావరకు వచ్చినట్టే. లోగోలు గీసే సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసుకోవాలి. లేకపోతే ఒత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడతాయి. అక్షరం అక్షరం విడిగా ఎగిరొచ్చే యానిమేషన్ కావాలంటే నేను ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్ చేసి (అక్షరాన్ని బొమ్మగా మార్చి), 'స్త్రీ' మొత్తాన్ని ఒక ముక్కగా పట్టుకుని కదిలిస్తాను. సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే గుడి ఒకవైపు, ఒత్తు ఒకవైపు పోతాయి.

ఇక రోలింగ్ టైటిల్స్, అంటే సినిమా చివర్లో కింద నుంచి పైకి పాకే పేర్లు. ఇది కళ కంటే ఎక్కువ లెక్క. స్కోప్ (వెడల్పు తెర) సినిమా ఫ్రేము 2కే సైజులో 2048 బై 858 పిక్సెల్స్, సెకనుకి 24 ఫ్రేములు. రోలింగ్ ఫ్రేముకి ఎన్ని పిక్సెల్స్ కదులుతుందో అది పూర్ణసంఖ్య కావాలి: 3, 4, 5. రెండున్నర పెడితే అక్షరాల అంచులు వణుకుతాయి. థియేటర్లో తలనొప్పి వస్తుంది. ఫ్రేముకి 4 అంటే సెకనుకి 96 పిక్సెల్స్. ఒక పేరు కింద కనబడి పైకి వెళ్లిపోవడానికి దాదాపు 9 సెకన్లు. ఎడిటర్ రెండున్నర నిమిషాలు ఇచ్చాడనుకోండి, 150 సెకన్లు, మొత్తం 14,400 పిక్సెల్స్. ఆఖరి పేరు తెర దాటిపోవాలి కాబట్టి అందులో 858 తీసెయ్యండి. వరుసకీ వరుసకీ 54 పిక్సెల్స్ పెడితే 250 వరుసలు పడతాయి. ప్రొడక్షన్ వాళ్లు 400 పేర్లు పంపితే రెండు కాలమ్స్ చెయ్యాలి. ఫ్రేముకి 5 పెట్టినా 317 వరుసలే పడతాయి. ఈ లెక్క కాగితం మీద వేసి ఎడిటర్‌కి చూపిస్తే ఒక్కోసారి ఇంకో ఇరవై సెకన్లు ఇస్తారు. "స్పీడ్‌గా పోతోందండీ" అని బతిమాలితే ఇవ్వరు.

54 ఎందుకంటే, తెలుగుకి పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లిష్ పేర్లు 24 పిక్సెల్స్ సైజులో హాయిగా చదవగలిగిన చోట తెలుగుకి నేను 32 పెడతాను. వరుసల మధ్య ఖాళీ దానికి తగ్గట్టే పెరగాలి, లేదంటే పై పేరు ఒత్తు కింది పేరు గుడిలో దూరుతుంది. తెలుపు పూర్తి తెలుపు వద్దు. చీకటి హాల్లో కళ్లు జివ్వుమంటాయి. కాస్త తగ్గించండి.

ఫాంట్ల విషయంలో నాకు కొంచెం పిచ్చి ఉంది. సిలికానాంధ్ర వాళ్ల ఉచిత యూనికోడ్ ఫాంట్లు, మండలి, రామభద్ర, సురవరం, పొన్నాల లాంటివి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాటి లైసెన్సు ప్రకారం సినిమాల్లో కూడా వాడుకోవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంట్ మాత్రం ముట్టుకోకండి. సినిమా ఓటీటీకి వెళ్లినప్పుడు లైసెన్సు కాగితాలు అడగొచ్చు. బాపు గారి చేతిరాత మీద వచ్చిన ఫాంట్లంటే నాకు ప్రాణం, అందుకే వాడను. రాష్ట్రంలో ప్రతి పెళ్లికార్డు మీదా అవే ఉన్నాయి. నేనే వేల కార్డుల మీద వేశాను. ప్రేమకథకి అది పెడితే ప్రేక్షకుడు లోపల శుభముహూర్తం ఎప్పుడో వెతుక్కుంటాడు.

లోగోకి వద్దాం. ముందు ఆ పేరు ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ అయిందా అని అడగండి. నేను తొమ్మిది రోజులు కూర్చుని ఒక లోగో గీశాక, ఆ పేరు అప్పటికే వేరేవాళ్ల దగ్గరుందని తేలింది. డబ్బులూ రాలేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ న్యూమరాలజిస్టు దగ్గర్నుంచి వచ్చిందా లేదా అన్నది కూడా అడగాలి. అన్నీ ఓకే అయ్యాక, ముహూర్తానికి రెండు గంటల ముందు, ఇంకో 'ఏ' వచ్చి చేరుతుంది. ఆ టెన్షన్ పడలేక నేను ఇంగ్లిష్ లోగోలో ఒక అక్షరం పట్టే జాగా ముందే వదులుతాను.

గీసేటప్పుడు పేరుని చేత్తో పాతిక ముప్పై సార్లు రాయండి, మార్కర్‌తో, కుంచెతో, పుల్లతో. కంప్యూటర్ తర్వాత. అమెరికన్ డిజైనర్ సాల్ బాస్ పని చూడమని అందరూ చెబుతారు. నిజంగానే చూడాలి. పోస్టర్లు వేసుకునే గ్రాఫిక్ డిజైనర్ 1950లలో హాలీవుడ్ టైటిల్స్‌ని ఎలా మార్చేశాడో తెలుస్తుంది. కానీ ఆయనకున్నవి నిలువు గీతల అక్షరాలు. మనవి గుండ్రాలు, తల మీద తలకట్టు. మన అక్షరంలో ఎక్కడ చెయ్యి పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో మనమే తెలుసుకోవాలి. ప, వ మధ్య తేడా పైన ఉన్న కాస్త ఖాళీ. అక్కడ కత్తో గొడ్డలో గుచ్చారంటే 'పరువు' కాస్తా 'వరువు' అవుతుంది. థలో చుక్క ఉంటుంది, ధలో ఉండదు. ఆ చుక్కని తూటా రంధ్రం చేద్దామని సరదా పుడుతుంది. చెయ్యండి, కానీ ధలో చెయ్యకండి. అలంకారం తలకట్టు చివర్లలో, దీర్ఘాల తోకల్లో, ఒత్తుల్లో పెడితే చదువు చెడదు. అయ్యాక ఫోన్లో వేలిగోరంత సైజుకి తగ్గించి, సినిమాతో సంబంధం లేనివాళ్లకి చూపించండి. మా వీధి టిఫిన్ సెంటర్ ఆవిడ ఒక్క చూపులో చదవలేకపోతే నేను మళ్లీ మొదలుపెడతాను.

ఇప్పుడు చాలా సినిమాలు ఐదు భాషల్లో లోగో అడుగుతున్నాయి. కన్నడ లిపి మనకి చెల్లెలు, తెలుగు ఐడియా అందులో బాగానే ఒదుగుతుంది. హిందీకి తల మీద గీత, తమిళానికి మూలలు. ఒకే బొమ్మని అన్నిట్లో ఇరికించకండి. ఏ భాషకి ఆ భాష చదివేవాళ్లకి చూపించాకే పంపండి.

సిగరెట్, మందు సీన్లలో కింద పడే హెచ్చరిక కూడా చాలాసార్లు మన నెత్తినే పడుతుంది. అది సినిమా భాషలో, స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. ఎడిట్ మారిన ప్రతిసారీ దాని టైమింగ్ మారుతుంది కాబట్టి ఎడిట్ ఫైనల్ లాక్ అయ్యాకే, అంటే ఇక మార్పులు లేవన్నాకే చెయ్యండి.

సీరియల్ పని వస్తే చిన్నచూపు చూడకండి. నెలనెలా డబ్బులొచ్చేది అక్కడే. టీవీకి సెకనుకి 25 ఫ్రేములు, 1920 బై 1080. పక్కల 96, పైనా కిందా 54 పిక్సెల్స్ లోపలే అక్షరాలు ఉంచండి. చానల్ లోగో వచ్చే మూల వదిలెయ్యండి.

డీఐకి (సినిమాకి రంగులు సరిచేసి ఫైనల్ చేసే చోటికి) పంపేటప్పుడు ప్రోరెస్ 4444 అనే వీడియో ఫార్మాట్‌లో ఆల్ఫాతో (అక్షరాల వెనక పారదర్శకంగా ఉంచే సమాచారంతో), లేదా ఫ్రేములు విడివిడిగా. ఆల్ఫా స్ట్రెయిటా (రంగులో కలపకుండా విడిగా ఉంచిందా), ప్రీమల్టిప్లైడా (ముందే రంగులో కలిపేసిందా) అన్నది ఫైలు పేరులోనే రాయండి. అది తేడా వస్తే అక్షరాల చుట్టూ నల్లటి అంచు వస్తుంది. డీఐ స్టూడియో వాళ్లు రాత్రి రెండింటికి ఫోన్ చేస్తారు.

చదువు సంగతి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో) అప్లైడ్ ఆర్ట్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ ఉంది. వెళ్లగలిగితే వెళ్లండి. నేను వెళ్లలేదు, అక్కడ చదివినవాళ్ల గీత చూస్తే ఇప్పటికీ కుళ్లు పుడుతుంది. వెళ్లలేనివాళ్లు ఒక ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా ఆరు నెలలు ఉండండి. షోరీల్ (మీరు చేసిన పనులు చూపించే వీడియో) ఒక నిమిషం చాలు. షార్ట్ ఫిల్మ్ చేసే ఫ్రెండ్స్‌కి ఊరికే చేసిపెట్టినా పర్వాలేదు, కానీ మూడోదానికైనా డబ్బులు అడగండి. నా మొదటి సినిమాకి 6,000 అన్నారు, 4,000 ఇచ్చారు. ఇప్పుడు సగం అడ్వాన్స్ పడకుండా ఫైలు తెరవను. మార్పులు మూడుసార్లు, నాలుగోదానికి విడిగా బిల్లు అని మొదటి మెయిల్‌లోనే రాస్తాను.

ఫస్ట్ డే మీ టికెట్ మీరే కొనుక్కుని వెళ్లండి. లైట్లు వేసేసి జనం లేచి వెళ్లిపోతున్నా కూర్చుని రోలింగ్ మొత్తం చూడండి. తప్పులు చీటీ మీద రాసుకోండి. ఓటీటీ కాపీ వెళ్లేలోపు సరిచెయ్యడానికి వీలుంటుంది. కోదండం గారి పేరు అలాగే సరిచేశాను. టీవీ చానల్‌కి వెళ్లే శాటిలైట్ కాపీ మాత్రం అప్పటికే వెళ్లిపోయింది. టీవీలో ఆ సినిమా వేసినప్పుడల్లా చూస్తాను. ఇప్పటిదాకా చానల్ వాళ్లు ఆ పేరు వచ్చేదాకా రోలింగ్ ఎప్పుడూ ఉంచలేదు.