పిల్లలతో బడిలో వర్షమాపకం ఎలా చేయించాలి?

అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఇంత తక్కువ పడే చోట ఐదు మిల్లీమీటర్ల తేడా వచ్చినా లెక్క చెడినట్టే. సీసా కోసి, పక్కన స్కేలు అంటించి, ఫొటో తీసుకుని వదిలేస్తే పిల్లలు నేర్చుకునేది తప్పుడు లెక్కే.

కావలసినవి: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా (నడుము నొక్కుకుపోకుండా నిలువునా ఒకే లావుండాలి), కత్తెర, టేపు, దారం, స్కేలు, మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి. సూది వద్దు.

సీసా భుజం దిగి నిలువు భాగం మొదలయ్యాక, ఒక వేలు కిందికి గీత గీసి చుట్టూ కోయండి. ఈ పని పెద్దవాళ్లదే. మూత తీసేసి, పై ముక్కను గరాటులా తలకిందులుగా లోపలికి దించి, అంచులు సమంగా ఉండేలా రెండు చిన్న టేపు ముక్కలు వేయండి. రోజూ తీయాలి కాబట్టి చుట్టంతా అంటించొద్దు. గరాటు లేకుండా మాత్రం పెట్టకండి, మన ఎండకు కొలిచేలోపే నీళ్లు ఆవిరైపోతాయి.

ఇక అందరూ చెడగొట్టేది కొలత దగ్గరే. కూల్‌డ్రింక్ సీసా అడుగు చదునుగా ఉండదు, ఐదు బుడిపెలుంటాయి. స్కేలు అక్కడి నుంచి అంటిస్తే మొదటి రెండు మూడు సెంటీమీటర్ల లెక్క అబద్ధం. మన వానల్లో చాలావరకు ఆ అడుగులోనే ఉండిపోతాయి. కొందరు బుడిపెలు మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెడతారు. ఆ నీళ్లు రోజూ ఆవిరవుతాయి, దాంతో సున్నా కూడా కిందికి జారుతుంది. అందుకే స్కేలు వద్దు, సిరంజితో నీళ్లే కొలవండి.

ముందు సీసా నోటి వైశాల్యం కావాలి. నోటి మీద స్కేలు అడ్డంగా పెట్టి వ్యాసం చూడొద్దు. కోసిన అంచు కోలగా సాగుతుంది, రెండు మిల్లీమీటర్లు తప్పితే వాన లెక్క నూటికి నాలుగు వంతులు తప్పుతుంది. కోసిన చోట దారం ఒక్క చుట్టు బిగుతుగా చుట్టి, దాని పొడవును 3.14తో భాగించండి. దారం 33.9 సెం.మీ. వస్తే వ్యాసం 10.8, వైశాల్యం (సగం వ్యాసం × సగం వ్యాసం × 3.14) 91.6 చదరపు సెం.మీ. అంటే 9.16 మి.లీ. నీళ్లు ఒక మిల్లీమీటరు వాన. ఈ ఒక్క అంకెను సీసా మీద చెరగని ఇంకుతో రాయించండి. మీ సీసాకు మీ అంకె, పక్క బడిది ఎత్తి రాసుకోవద్దు.

కొలిచేటప్పుడు నీళ్లను పొడి గ్లాసులోకి వంచి, సీసాను తట్టి బుడిపెల్లోవి కూడా దింపాలి. అరమిల్లీమీటరు తుంపరకు వచ్చేవే నాలుగున్నర మి.లీ. అందులో ఒకటి అడుగున మిగిలితే ఐదో వంతు పోయినట్టు. సిరంజిలో గాలి బుడగ లేకుండా చూసి, కంటికి సమంగా పట్టుకుని చదవాలి. వచ్చిన మి.లీ.ను సీసా మీద రాసిన అంకెతో భాగిస్తే అదే మిల్లీమీటర్లలో వాన.

ఇంకో మాట. పక్కనే ఒక లీటరు సీసాతో రెండోది పెట్టించండి. పెద్ద సీసాలో ఎక్కువ నీళ్లు కాబట్టి ఎక్కువ వాన అనుకుంటారు పిల్లలు. ఎవరి అంకెతో వాళ్లు భాగిస్తే రెండింటికీ ఒకే మిల్లీమీటర్లు రావాలి. వాన కొలతంటే ఏమిటో ఆ పూటే అర్థమవుతుంది. పాఠంగా పదిసార్లు చెప్పినా అంత బాగా ఎక్కదు.

మిద్దె మీద పెట్టొద్దు, గాలికి చినుకులు పక్కకు పోతాయి. వేపచెట్టు కిందా వద్దు. గోడ ఎంత ఎత్తుందో దానికి రెండింతల దూరంలో, నోరు నేలకు 30 సెం.మీ. ఎత్తున, వాలకుండా ఇటుకల మధ్య బిగించండి. ఆషాఢం గాలికి ఖాళీ సీసా ఎగిరిపోతుంది.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం ఉదయం 8.30కి చదివి, ఆ రోజు తేదీకే రాయాలి. వాన లేని రోజు ఖాళీ వదలొద్దు, 0 అని రాయాలి. 2.5 మి.మీ. పడితేనే అది వాన రోజు. ఆదివారాలకు బడి పక్కనే ఇల్లున్న పిల్లను పెట్టండి. చదవని రోజుంటే రెండు రోజులకు కలిపి ఇంత అని రాయాలి తప్ప సగం సగం పంచకూడదు. చూసిన ప్రతిసారీ సీసా ఖాళీ చేయాలి, లేకపోతే దోమలు.

వాన పడిన మరునాడు గడ్డపారతో ఓ చోట తవ్వించి పదును (నేలలో తడి) ఎంత లోతు దిగిందో కొలిపించండి, అంకెను వాన పక్కనే రాయించండి. ఎర్రనేలలో ఒకసారి, నల్లరేగడిలో ఒకసారి. ఒకే వానకు ఎర్రనేలలో తడి లోతుకు దిగుతుంది, రేగడిలో పైనే ఆగుతుంది. ఈ వానకు చెనిక్కాయ విత్తొచ్చా లేదా అని ఇంట్లో అడిగి, ఆ జవాబు మూడో గడిలో రాసుకురమ్మనండి.