టైటానియం వెల్డు రంగు మారిందా, బోల్టు పట్టేసిందా, ట్యూబు పెళుసైందా? సమస్య - పరిష్కారం

టైటానియం తుప్పు పట్టదన్న మాట సగమే నిజం. దాన్ని కాపాడేది పైనున్న ఆక్సైడ్ పొర. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడితే గాలిలోనో నీటిలోనో ఉన్న ఆక్సిజన్‌తో క్షణంలో మళ్లీ కట్టుకుంటుంది. ఆ అవకాశం లేనిచోట, అంటే తేమ లేని క్లోరిన్‌లో, ఇరుకు సందులో, ఫ్లోరైడ్ ఉన్న ఆమ్లంలో, టైటానియం వేగంగా పోతుంది. వేడెక్కితే కథ తిరగబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు కాపాడిన ఆక్సిజనే వెల్డింగ్ వేడిలో లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు అడగాల్సినవి రెండే: ఎంత వేడిలో ఉంది, చుట్టూ ఏముంది?

ఇక్కడ చెప్పేవి ఎక్కువగా గ్రేడ్ 2 (కల్తీ లేని టైటానియం), గ్రేడ్ 5 (6 శాతం అల్యూమినియం, 4 శాతం వనాడియం) గురించి. షాపుల్లో, ప్లాంట్లలో తిరిగేవి ఈ రెండే ఎక్కువ.

లక్షణం: వెల్డు నీలంగా, బూడిదగా లేదా తెల్లటి పొడిగా వచ్చింది

రంగుల వరుస ఇలా నడుస్తుంది: వెండి మెరుపు, లేత గడ్డి రంగు, ముదురు గడ్డి రంగు, ఊదా, ముదురు నీలం, లేత నీలం, బూడిద, చివరికి రాలిపోయే తెల్ల పొడి. ఇది రంగు పదార్థం కాదు, ఆక్సైడ్ పొర మందం వల్ల కాంతి ఆడే ఆట. అందుకే లేత నీలాన్ని చూసి "ముదురు నీలం కంటే నయం" అనుకోవద్దు. అది ఇంకా మందమైన పొర.

వెండి రంగు, లేత గడ్డి రంగు సరే. ముదురు గడ్డి, ఊదా, నీలం విషయంలో మీ పనికి వర్తించే కోడ్ ఏమంటుందో అదే చెల్లుతుంది. అయితే మధ్య పాస్‌లో (ఒక విడత వేసిన వెల్డు పొరలో) నీలం కనిపిస్తే, దాన్ని తీయకుండా పైన ఇంకో పాస్ వేయకండి. ఆ ఆక్సైడ్ కరిగి వెల్డులో కలుస్తుంది. గ్రేడ్ 2 లో ఆక్సిజన్ 0.25 శాతం, గ్రేడ్ 5 లో 0.20 శాతం మించకూడదని ప్రమాణం. అంత సన్నని హద్దు దాటడానికి పెద్ద తప్పేమీ అక్కర్లేదు. బూడిద, తెలుపు వస్తే చర్చే లేదు, ఆ వెల్డు మొత్తం కోసి తీసేయాలి.

కారణాలు, వెతకాల్సిన వరుసలో:

మొదటిది ట్రైలింగ్ షీల్డ్, అంటే టార్చ్ వెనకే సాగుతూ వేడి వెల్డును ఆర్గాన్‌తో కప్పే తొడుగు. టిగ్ (టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌తో, ఆర్గాన్ రక్షణలో చేసే వెల్డింగ్) టార్చ్ కప్పు నుంచి వచ్చే ఆర్గాన్ కరిగిన గుంతను కాపాడుతుంది కానీ, వెనక ఎర్రగా మిగిలిన వెల్డును కాపాడదు. లోహం సుమారు 400 డిగ్రీల సెంటీగ్రేడు కిందికి దిగేదాకా ఆర్గాన్ కప్పి ఉండాలి. వెల్డు మధ్యలో మెరుస్తూ ఉండి, టార్చ్ దాటిన కొద్ది దూరం నుంచి నీలం మొదలైతే, షీల్డ్ పొట్టిదన్నమాట, లేదా చెయ్యి మరీ వేగంగా నడిచింది. వెల్డు చివర ఒక్కచోటే రంగు మారితే, ఆర్క్ ఆపగానే టార్చ్ పైకెత్తేశారు. పోస్ట్‌ఫ్లో (ఆర్క్ ఆగాక కూడా వచ్చే ఆర్గాన్) కనీసం 20-30 సెకన్లు పెట్టి, అది ఆగేదాకా టార్చ్‌ను అక్కడే నిలపాలి.

రెండోది లోపలి వైపు. పైపు బయట వెండిలా మెరుస్తుంటుంది, రూట్ (వెల్డు లోపలి అడుగు) బూడిదగా ఉంటుంది. పర్జ్ చేసేటప్పుడు, అంటే లోపలి గాలిని ఆర్గాన్‌తో తరిమేటప్పుడు, లోపలి ఖాళీకి కనీసం పది రెట్ల ఆర్గాన్ పోనిచ్చి, ఆ తర్వాత ఆక్సిజన్ మీటరుతో చూడండి. 50 పీపీఎం కిందికి రానిదే ఆర్క్ కొట్టకండి. ఆర్గాన్ గాలి కంటే బరువు కనుక కింది నుంచి ఎక్కించి, గాలిని పై రంధ్రం గుండా పోనివ్వాలి.

మూడోది గ్యాస్. 99.995 శాతం స్వచ్ఛత, డ్యూ పాయింట్ (గ్యాస్‌లోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) మైనస్ 50 డిగ్రీలు లేదా ఇంకా తక్కువ. సిలిండరు అడుగంటేదాకా వాడితే తేమ పెరుగుతుంది, కొంత మిగిలి ఉండగానే మార్చేయండి. పాత రబ్బరు హోసు గాలినీ తేమనూ లోపలికి రానిస్తుంది, దాన్ని మంచి ప్లాస్టిక్ హోసుతో మార్చండి. ఫ్లో పెంచితే రక్షణ పెరుగుతుందనుకోవడం చాలా షాపుల్లో ఉన్న పొరపాటు. మరీ ఎక్కువైతే గ్యాస్ సుడి తిరిగి గాలిని లాగేస్తుంది. గ్యాస్ లెన్స్ (గ్యాస్‌ను సుడి లేకుండా సాఫీగా వదిలే జాలీ), వెడల్పు కప్పు పెట్టి నిమిషానికి 10-15 లీటర్లతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి సవరించుకోండి.

నాలుగోది అందరూ మరచిపోయేది: ఆర్గాన్‌ను చెదరగొట్టే ఫ్యాను. మే నెలలో షెడ్డులో ఫ్యాను కట్టేయమంటే వెల్డరు ఒప్పుకోడు. టైటానియం పని మూడు వైపులా తెర కట్టిన మూలలో పెట్టుకోవడం తప్ప మార్గం లేదు.

ఫిల్లర్ వైరు కొస వేడిగా ఉండగా షీల్డ్ బయటికి వస్తే ఆ కొసకు ఆక్సైడ్ పట్టేస్తుంది. మళ్లీ మొదలుపెట్టే ముందు కొసను కత్తిరించండి. ఎంత చెప్పినా ఎగ్గొట్టే పని ఇది.

ఇన్‌స్పెక్షన్ గురించి ఒక మాట. బ్రష్ కొట్టిన వెల్డు వెండిలానే కనిపిస్తుంది. రంగును బ్రష్ చేయకముందే చూడాలి. పైగా రంగు చెప్పేది లోహం చల్లారే వేళ పైన ఏం జరిగిందన్నదే, లోపలి సంగతి కాదు. టార్చ్ గ్యాసే చెడిపోయి, ట్రైలింగ్ గ్యాస్ మంచిదైతే మెరిసే చెడ్డ వెల్డు వస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ప్రతి పూటా ఒక మచ్చు ప్లేటు మీద వెల్డు వేసి, వంచి చూసి, హార్డ్‌నెస్ కొలవండి. వెల్డు హార్డ్‌నెస్ అసలు ప్లేటు కంటే బాగా పెరిగిందంటే ఆక్సిజనో నైట్రోజనో చేరింది.

లక్షణం: ఎక్స్‌రేలో సన్న రంధ్రాలు

తరచూ కారణం హైడ్రోజన్. అది తేమ, నూనె, చెమట, రంపం వదిలిన గరుకు అంచుల నుంచి వస్తుంది. రంధ్రాలు వెల్డు అంచు వెంబడి వరుసగా ఉంటే ప్లేటు అంచుల శుభ్రతను అనుమానించండి. వెల్డంతా చెల్లాచెదురుగా ఉంటే గ్యాస్‌నో వైరునో చూడండి.

పరిష్కారం: గ్రైండింగ్ రాయి వాడిన అంచును కార్బైడ్ బర్‌తోనో ఫైల్‌తోనో మళ్లీ చెక్కండి. రాయి తునకలు లోహంలో ఇరుక్కుని ఉంటాయి. అంచుకు రెండు వైపులా 25 మిల్లీమీటర్ల మేర, అడుగు వైపు కూడా, టైటానియానికే కేటాయించిన స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్ది, నూలు రాలని గుడ్డతో అసిటోన్ తుడవండి. వైరునూ తుడవండి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు. అదే రోజు వెల్డ్ చేయండి. ట్రైక్లోరోఇథిలీన్ వంటి క్లోరిన్ ద్రావకాలు వద్దు, మిథనాల్ వద్దు. ఎందుకో కింద వస్తుంది.

లక్షణం: వెల్డు చల్లారగానే పగిలింది

స్టీలుతో నేరుగా కలిపారా? ఇనుము, టైటానియం కరిగి కలిస్తే గాజులా పగిలే సమ్మేళనాలు ఏర్పడతాయి. వెల్డరు నైపుణ్యంతో దీన్ని దాటలేం. రెంటినీ కలపాలంటే పేలుడుతో రెండు లోహాలనూ అతికించిన క్లాడ్ ప్లేటు, ఫ్రిక్షన్ వెల్డింగ్, బ్రేజింగ్, లేదా ఇన్సులేషన్ పెట్టిన బోల్టు జాయింట్ వాడాలి. క్లాడ్ ప్లేటు మీద పని చేసేటప్పుడు కూడా స్టీలు వెల్డు టైటానియం పొరను తాకకుండా అంచు వెనక్కి చెక్కుకోవాలి.

స్టీలుతో సంబంధం లేకుండా పగిలితే ఆక్సిజన్ చేరడం దగ్గరికే మళ్లీ వెళ్లండి. గ్రేడ్ 5 ను వెల్డు తర్వాత గాలి ఉన్న ఫర్నేసులో స్ట్రెస్ రిలీవ్ (లోపలి ఒత్తిడి పోయేలా వేడి చేయడం) చేసి ఉంటే, పైన ఆల్ఫా కేస్ అనే గట్టి పెళుసు పొర వస్తుంది. దాన్ని మెషినింగ్‌తోనో పికిలింగ్‌తోనో (ఆమ్లంలో ముంచి పై పొర కరిగించడం) పూర్తిగా తీయాలి. ఇకముందు వాక్యూమ్ ఫర్నేసు వాడండి. పికిలింగ్ ద్రావణంలో నైట్రిక్ ఆమ్లం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం నిష్పత్తి 10:1 కి తగ్గనీయకండి, తగ్గితే లోహం హైడ్రోజన్ పీల్చుకుంటుంది. హైడ్రోఫ్లోరిక్ చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, కానీ లోపలికి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా ఆ తొట్టి తెరవొద్దు.

లక్షణం: ట్యూబులు వంచితే విరుగుతున్నాయి, బయట తుప్పు జాడే లేదు

ఇది హైడ్రైడింగ్, అంటే లోహం హైడ్రోజన్ పీల్చుకుని లోపల పెళుసు హైడ్రైడ్లు ఏర్పడటం. గోడ మందం తగ్గదు కనుక మందం కొలిచే పరీక్షలో దొరకదు. ఒక ట్యూబు ముక్క తీసి చదును చేసే పరీక్ష పెట్టండి, పగిలితే అనుమానం బలపడుతుంది. మైక్రోస్కోపు కింద సూదుల్లాంటి హైడ్రైడ్లు కనిపిస్తాయి. కొత్త గ్రేడ్ 2 లో హైడ్రోజన్ పరిమితి 150 పీపీఎం.

మామూలుగా మూడు కలిస్తేనే ఇది వస్తుంది: ఉష్ణోగ్రత సుమారు 80 డిగ్రీలు దాటడం, పీహెచ్ 3 కంటే తక్కువ లేదా 12 కంటే ఎక్కువ కావడం, ఎక్కడి నుంచో హైడ్రోజన్ పుట్టడం. హైడ్రోజన్ ఎక్కడిదని అడిగితే, చాలాసార్లు పక్కనే ఉన్న కార్బన్ స్టీలు. టైటానియానికి కలిసి ఉన్న స్టీలు కరుగుతుంటే టైటానియం మీద హైడ్రోజన్ పుడుతుంది. స్టీలు పనిముట్లు రుద్దినచోట అంటిన ఇనుము కూడా ఇదే పని చేస్తుంది.

సముద్రపు నీటి కండెన్సర్లలో కథ ఇంకొంచెం మెలిక తిరుగుతుంది. పాత రాగి మిశ్రమ ట్యూబులు తీసి టైటానియం ట్యూబులు వేస్తారు, ట్యూబ్ షీట్ (ట్యూబుల చివరలు బిగించే పలక) మాత్రం రాగి మిశ్రమమే ఉంచుతారు. అప్పుడు షీట్ కరగడం మొదలవుతుంది. దాన్ని ఆపడానికి కాథోడిక్ ప్రొటెక్షన్ (కరెంటు పంపి తుప్పును ఆపే పద్ధతి) పెడతారు. ఎందుకైనా మంచిదని వోల్టేజి పెంచుతారు. ఈసారి ట్యూబు చివరలు హైడ్రోజన్ తాగుతాయి. కాలోమెల్ ఎలక్ట్రోడ్‌తో (పోల్చి కొలవడానికి వాడే ప్రామాణిక ఎలక్ట్రోడ్) కొలిచి, పొటెన్షియల్ మైనస్ 0.75 వోల్టు కంటే ఇంకా నెగటివ్‌గా పోకుండా ఉంచండి. స్టీలు వాటర్‌బాక్సుకు పూత వేయండి. పెళుసైన ట్యూబును మార్చడమే, సైటులో బాగు చేసే మార్గం లేదు.

లక్షణం: గ్యాస్కెట్ కింద, ట్యూబు చేరిన సందులో గుంటలు

సందులో ఉప్పునీరు నిలిచి, ఆక్సిజన్ అయిపోయి, ఆమ్లంగా మారుతుంది. గ్రేడ్ 2 కి ఈ బెడద క్లోరైడ్ ద్రావణంలో సుమారు 70-80 డిగ్రీలు దాటాకే. సాధారణ సముద్రపు నీటి కూలింగ్‌లో కనిపించదు. టెఫ్లాన్ గ్యాస్కెట్ కింద ఇంకా త్వరగా మొదలవుతుంది.

వేడి తగ్గించలేకపోతే గ్రేడ్ మార్చాలి: పల్లాడియం 0.12-0.25 శాతం ఉన్న గ్రేడ్ 7, లేదా చవకగా కావాలంటే మాలిబ్డినం, నికెల్ కలిపిన గ్రేడ్ 12. పరికరమంతా మార్చక్కర్లేదు, ఫ్లాంజి ముఖం మీద గ్రేడ్ 7 ఫిల్లర్‌తో పొర వేసినా సరిపోతుంది. గ్రేడ్ 2, గ్రేడ్ 7 కంటికి ఒకేలా ఉంటాయి, చేతి ఎక్స్‌రే గన్‌తో పల్లాడియం చూసుకుని వాడండి. అదే గన్ ఆక్సిజన్‌ను చూడలేదు, కనుక ప్రధానంగా ఆక్సిజన్ మోతాదులోనే తేడా ఉన్న గ్రేడ్ 1 కీ 2 కీ తేడా చెప్పలేదు. హైదరాబాద్‌లోని మిధాని (ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) నుంచి వచ్చినా, దిగుమతి చేసుకున్నా, ఆ తేడాకు టెస్ట్ సర్టిఫికెట్టే ఆధారం.

లక్షణం: గోడ మొత్తం సమానంగా పలచబడింది

ఆమ్లంతో స్కేల్ తీయించారా? హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో స్టీలు కోసం కలిపే సేంద్రియ ఇన్‌హిబిటర్లు (తుప్పును అడ్డుకునే రసాయనాలు) టైటానియాన్ని కాపాడవు. దీనికి కావాల్సింది ఫెర్రిక్ అయాన్లు: 10 శాతం ఆమ్లంలో 0.2 శాతం ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే పొర నిలుస్తుంది. ఆమ్లంలో ఫ్లోరైడ్ ఉంటే ఇదీ పనిచేయదు.

లక్షణం: ఎండు క్లోరిన్ లైనులో మంట, మిథనాల్‌లో పగుళ్లు

తడి క్లోరిన్‌కు టైటానియం చాలా మంచి లోహం. తేమ సుమారు 1 శాతం కిందికి పడితే అదే లోహం అంటుకుని మండుతుంది. డ్రయర్ దాటిన తర్వాత టైటానియం పైపు గానీ, వాల్వు గానీ ఉండకూడదు. నీరు లేని మిథనాల్ ఒత్తిడిలో ఉన్న గ్రేడ్ 5 ను పగులగొడుతుంది. 1966 లో అపోలో వ్యోమనౌక ఇంధన ట్యాంకులను మిథనాల్ నింపి ఒత్తిడి పరీక్ష చేస్తుండగా ఇలాగే పగిలాయి. కనీసం 2 శాతం నీరు కలిపితే ప్రమాదం బాగా తగ్గుతుంది.

క్లోరిన్ ద్రావకాల సంగతీ ఇదే కోవ. వాటి మరక, వేలిముద్రలోని ఉప్పు, 260 డిగ్రీలు దాటిన చోట ఒత్తిడి కింద పగుళ్లు తెస్తాయి. ఫర్నేసులో పెట్టే ముందు తుడవమనేది ఇందుకే.

లక్షణం: నట్టు సగంలో పట్టేసింది

టైటానియం మీద టైటానియం జారదు. పొర చిరగగానే రెండు లోహాలూ అతుక్కుపోతాయి. పట్టేసిన నట్టును బలంగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. కోసేసి కొత్తది వేయండి.

మళ్లీ రాకుండా, మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్న క్లోరిన్ లేని యాంటీసీజ్ (పట్టేయకుండా రాసే పేస్టు) రాయండి. పవర్ టూల్ మానేసి నెమ్మదిగా చేత్తో తిప్పండి. నట్టును వేరే లోహంతో చేయించడం ఇంకా మేలు, కానీ కాడ్మియం పూత నట్లు, ఆ పూత ఉన్న స్పానర్లు టైటానియం దగ్గరికి రానివ్వకండి, కాడ్మియం దాన్ని పెళుసుగా చేస్తుంది. తరచూ జారే భాగాలకు గ్రీజు ఒక్కటే చాలదు. నైట్రైడింగ్ (పైన నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం), టైటానియం నైట్రైడ్ పూత, లేదా టంగ్‌స్టన్ కార్బైడ్ స్ప్రే కావాలి. జారడం కాకుండా సన్నగా కదులుతూ అరిగే జాయింట్లలో షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో ఉపరితలాన్ని కొట్టడం) చేసి, పైన కాపర్-నికెల్-ఇండియం పూత వేస్తారు. జెట్ ఇంజను కంప్రెసర్ బ్లేడ్ల మొదళ్లకు వాడే పద్ధతి అదే.

ఈ మరమ్మతులన్నిట్లో రాలే సన్న చిప్స్, గ్రైండింగ్ పొడి ఏ రోజువి ఆ రోజే మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. అంటుకుంటే నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ రెండూ పనికిరావు. పొడి ఇసుకో, లోహపు మంటలకు వాడే డి తరగతి పొడో చల్లండి.