కమాండ్ కాపీ కొట్టి పేస్ట్ చేస్తే పనిచేస్తలేదా? కమాండ్ లైన్ టూల్ (సీఎల్ఐ) డాక్స్ ఫార్మాటింగ్: సమస్య - పరిష్కారం

మేం హన్మకొండల నలుగురం కూసొని అడ్తి దుకాణాల కోసం మండీ అని ఒక చిన్న కమాండ్ లైన్ టూల్ నడిపిస్తున్నం. రోజువారి రేట్లు, తక్‌పట్టీలు అన్నీ దాంట్లనే ఎక్కిస్తరు. మొన్న మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్ నుంచి ఒక గుమాస్తా పొద్దుగాల పొద్దుగాలనే ఫోన్ చేసిండు, "అన్నా, మీ గైడ్‌ల ఉన్నదే కాపీ కొట్టిన, ఒక్క అక్షరం మార్చలే, అయినా గా ఆప్షన్ తెల్వదు అంటున్నది" అని. నేను నా కాడ చేతితోని టైప్ చేసి చూస్తే మంచిగనే నడిచింది, నీ దగ్గరనే ఏదో తప్పుంది తమ్మీ అని చెప్పి ఫోన్ పెట్టేసిన. తప్పు నాదే. గైడ్‌ల `మండీ రేటు --తేదీ నిన్న` అని ఉండాల్సిన చోట రెండు గీతలు కలిసిపోయి ఒక్క పొడుగు గీత అయి కూసున్నది, కంటికి తేడా కనబడనే కనబడది.

అప్పటి సంది పట్టుకున్న జబ్బులు, వాటి మందులు కింద రాస్తున్న. కమాండ్లు చదువుడు సులువని తెలుగులనే రాసిన, టెర్మినల్‌ల మాత్రం ఇంగ్లీషులనే కొట్టాలె.

ముందుగాల జబ్బు ఏడున్నదో చూడుండ్రి

డాక్స్‌ల కమాండ్ మూడు మజిలీలు దాటి పోతది. మీ సోర్స్ ఫైల్ ఒకటి, దాన్ని పేజీగా మార్చే జనరేటర్ ఒకటి, చదివేటోని కాపీ పేస్ట్ ఒకటి. ఏ మజిలీల ఖరాబైందో తెల్వకుండ సోర్స్‌ల దిద్దుకుంట పోతే దినమంతా పోతది, మళ్ల బిల్డ్ కొడితే మళ్ల అదే గీత.

లినక్స్‌ల `ఓడీ -సీ` అని పాత కమాండ్ ఉన్నది, నాకు దీనంత మంచి డాక్టర్ దొరకలే. అనుమానం ఉన్న లైన్‌ను పేజీ నుంచి కాపీ చేసి ఒక ఫైల్‌ల వేసి దీనికి ఇయ్యుండ్రి, ప్రతి బైట్‌ను విడివిడిగ చూపిస్తది. మామూలు హైఫన్ అయితే హైఫన్ లెక్కనే కనబడ్తది. 342 200 223 అని మూడు అంకెలు వచ్చినయంటే అది ఎన్-డ్యాష్ (హైఫన్ కన్న పొడుగు గీత), చివర 224 ఉంటే ఎమ్-డ్యాష్ (ఇంకా పొడుగు గీత). 302 240 వస్తే విరగని స్పేస్, అంటే అక్కడ లైన్‌ను విరగనియ్యని ఖాళీ. 342 200 214 వస్తే అది మన తెలుగోళ్ల స్పెషల్, దాని ముచ్చట కింద చెప్త. ఇదే పని సోర్స్ ఫైల్ మీద కూడ చేయుండ్రి. సోర్స్ మంచిగుండి పేజీల ఖరాబుంటే జనరేటర్ పనే.

రెండు గీతలు ఒకటైనయ్, కోట్ గుర్తులు వంకర పోయినయ్

దీనికి దొంగలు ఒకరిద్దరు కాదు. మొదటోడు వర్డ్, ఇంకా ఆ జాతి ఎడిటర్లు, మీరు టైప్ చేస్తుంటెనే ఆటోకరెక్ట్ చేసి అందంగ మారుస్తయి. ఐఫోన్ల స్మార్ట్ పంక్చుయేషన్ కూడ అదే బాపతు, మావోడొకడు ఫోన్ల నోట్స్ రాసి గైడ్‌ల అతికిస్తుండె. రెండోడు ఇంకా గడుసోడు, సైట్ జనరేటరే. స్ఫింక్స్‌ల స్మార్ట్‌కోట్స్ అనే సెట్టింగ్ అడగకుండనే ఆన్‌ల ఉంటది, హ్యూగోల టైపోగ్రాఫర్ అంతే, జెకిల్ వాడే క్రామ్‌డౌన్ అంతే, పాండాక్‌ల స్మార్ట్ ఎక్స్‌టెన్షన్ అంతే. వ్యాసాలు, కథలు రాసేటోళ్లకు అవి బంగారం, మనకు మాత్రం గండం.

మందు రెండు వరుసల వేయాలె. ఏ ఆప్షన్ పేరైనా, వాక్యం నడుమల వచ్చినా సరే, బ్యాక్‌టిక్ గుర్తుల (`) మధ్యనే పెట్టాలె, ఎందుకంటే కోడ్ అని గుర్తు పెట్టినదాన్ని ఈ జనరేటర్లు ముట్టుకోవు. మా గైడ్‌ల కోడ్ బ్లాక్‌లు అన్నీ శుభ్రంగనే ఉండె, ఖరాబైనయి మొత్తం పేరాల మధ్యల ఉట్టిగ రాసినయే. ఆ గుమాస్తా కూడ కోడ్ బ్లాక్ నుంచి కాదు, పేరా నుంచి కాపీ కొట్టిండు, జనం ఏడికెల్లి కాపీ కొడతరో మనం చెప్పలేం గదా. ఇగ రెండో వరుస, ఆ సెట్టింగే బంద్ పెట్టుడు. స్ఫింక్స్‌ల అయితే కాన్ఫిగ్ ఫైల్‌ల స్మార్ట్‌కోట్స్‌ను ఫాల్స్ చేస్తే సరి. అందం పోతది అని మా డిజైనర్ లొల్లి పెట్టిండు, పోనీ అన్న.

మ్యాన్ పేజీలు (టెర్మినల్‌లనే చదివే మాన్యువల్ పేజీలు) రాసేటోళ్లకు ఇదే జబ్బు వేరే వేషంల వస్తది. ఆ పేజీలను తయారుచేసే గ్రాఫ్ (groff) కోసం రాసే సోర్స్‌ల ఉట్టి గీత పెడితే అది భాషల వాడే హైఫన్ కింద లెక్క, యూటీఎఫ్-8 టెర్మినల్‌ల వేరే అక్షరం అయి బయటికొస్తది, ఓడీల చూస్తే 342 200 220. దాన్ని కాపీ కొడితే నడవది, మ్యాన్ పేజీల ఆప్షన్‌ను వెతికితే కూడ దొరకది. ముంగట బ్యాక్‌స్లాష్ పెట్టి రాస్తేనే అసలు గీత. 2023ల వచ్చిన గ్రాఫ్ 1.23 ఈ తేడాను మ్యాన్ పేజీలల్ల గట్టిగ పాటించుడు మొదలువెట్టింది, డెబియన్ లాంటి లినక్స్ పంచేటోళ్లు జనం పరేషాన్ అవుతరని పాత పద్ధతికే మళ్లించుకున్నరు. అందుకే మీ మిషన్ మీద మంచిగ కనబడి ఇంకొకని మిషన్ మీద చెడిపోతది. సోర్స్‌ల బ్యాక్‌స్లాష్ పెట్టుండ్రి, ఏడైనా నడుస్తది.

డాలర్ గుర్తు: కమాండ్ నాట్ ఫౌండ్

కమాండ్ ముంగట ప్రాంప్ట్ గుర్తు (టెర్మినల్ తనంతట తాను లైన్ మొదట్ల చూపే డాలర్) పెట్టి రాస్తరు, చదివేటోడు దాంతోసహా కాపీ కొడతడు, షెల్ (మనం కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఆ డాలర్‌నే కమాండ్ అనుకుంటది. బ్లాక్‌ల కమాండ్ ఒక్కటే ఉంటే డాలర్ తీసేయుండ్రి. కమాండూ దాని అవుట్‌పుటూ రెండూ చూపిస్తుంటే ఉంచుండ్రి, లేకుంటే ఏది కొట్టాల్నో ఏది వచ్చిందో తెల్వది. మార్క్‌డౌన్ (మామూలు గుర్తులతోని డాక్స్ రాసే పద్ధతి) ఫైళ్లల్ల తప్పులు పట్టే మార్క్‌డౌన్‌లింట్‌ల 014వ నంబరు రూల్ సరిగ్గ ఇదే పట్టుకుంటది. ఇంకొకటి, రూట్‌గ (మిషన్ మీద పూర్తి అధికారంతోని) నడపాలని డాలర్ బదులు హ్యాష్ పెట్టేటోళ్లున్నరు, బ్యాష్ లాంటి షెల్‌కు హ్యాష్ అంటే కామెంట్, పేస్ట్ చేస్తే చప్పుడు లేకుండ ఏం గాదు. ఎర్రర్ వచ్చినా నయమే, ఇది ఇంకా పాపం. కమాండ్ ముంగట సుడో అనే రాయుండ్రి.

కనబడని అక్షరాలు

పైప్ గుర్తు (|) తర్వాత గ్రెప్ అనే వెతుకుడు కమాండ్ రాసినం, గ్రెప్ మిషన్ల ఉన్నది, అయినా కమాండ్ నాట్ ఫౌండ్. ఎర్రర్‌ను జర నిదానంగ చూడుండ్రి, గ్రెప్ పేరుకు ముంగట ఒక ఖాళీ ఎక్కువుంటది. అది స్పేస్ కాదు, విరగని స్పేస్. మ్యాక్ కీబోర్డుల ఆప్షన్ పట్టుకొని స్పేస్ కొడితే పడ్తది, వెబ్ ఎడిటర్లు వాటంతట అవి కూడ పెడతయి. షెల్‌కు అది పేరులో ఒక అక్షరం లెక్కనే. ఎడిటర్‌ల కనబడని అక్షరాలు చూపించే సెట్టింగ్ ఆన్ చేసుకోవాలె, లేకుంటే పైన చెప్పిన ఓడీతోని చూడాలె.

ఇగ మన స్పెషల్. తెలుగుల కమాండ్ పేరుకు విభక్తి తగిలిస్తం గదా, గ్రెప్‌తో, కర్ల్‌కు అని. కొన్ని తెలుగు కీబోర్డులు ఆ నడుమల అక్షరాలు అతుక్కోకుండ వెడల్పు లేని ఒక గుర్తు వేస్తయి, యూనికోడ్‌ల 8204. పేరు బ్యాక్‌టిక్ లోపల ఉండి ఆ గుర్తు కూడ లోపలనే ఇరుక్కుంటే కాపీ కొట్టినప్పుడు తోకలెక్క వస్తది. మేం పెట్టుకున్న రూలు: ముగింపు బ్యాక్‌టిక్ అయినాక ఒక స్పేస్, ఆ తర్వాతనే తెలుగు. వీలైతే విభక్తి కమాండ్‌కు కాదు, పక్కన ఇంకో మాటకు తగిలించుడు, గ్రెప్ కమాండ్‌తో అని. చదవడానికి కూడ అదే బాగుంటది.

ఇంకా పొడుగు కమాండ్‌ను బ్యాక్‌స్లాష్ పెట్టి రెండు లైన్లు చేస్తరు, ఆ బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క స్పేస్ మిగిలినా ఖతం, రెండో లైన్ వేరే కమాండ్ అయిపోతది. ఎడిటర్‌కు లైన్ చివరి ఖాళీలు కొట్టెయ్ అని చెప్పొచ్చు, కాకపోతే మార్క్‌డౌన్‌ల లైన్ చివర రెండు స్పేసులంటే కొత్త లైన్ అని అర్థం, దాని మీద ఆధారపడి రాసిన పేజీలు ఉంటే చెడిపోతయి. విండోస్ వాళ్లకు ఈ బ్యాక్‌స్లాష్ అసలు నడవదు, సీఎండీల టోపీ గుర్తు, పవర్‌షెల్‌ల బ్యాక్‌టిక్. వాళ్లకు ఒక్క లైన్‌లనే ఇచ్చేయుడు మంచిది.

ఫైల్ పేరు రాసిన చోట ఏం లేదు, ఖాళీ

కోణపు బ్రాకెట్ల మధ్యల ఫైల్ అని రాసిండ్రు, పేజీల అది మాయం. మార్క్‌డౌన్ దాన్ని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అనుకొని మింగింది. బ్యాక్‌టిక్‌ల పెడితే కనబడ్తది గని జబ్బు సగమే పోయింది, ఎవడన్న దాన్ని అట్లనే పేస్ట్ చేస్తే షెల్ ఆ బ్రాకెట్‌ను రీడైరెక్షన్ (ఫైల్ నుంచి చదువు అనే గుర్తు) అనుకొని గా పేరుతోని ఫైల్ లేదనో, సింటాక్స్ ఎర్రర్ అనో అంటది. నేనైతే ఇంగ్లీషు డాక్స్‌ల ప్లేస్‌హోల్డర్ పెద్దక్షరాలల్లనే రాస్త. తెలుగుల పెద్దక్షరాలు లేవు గదా, అందుకే తెలుగు గైడ్‌ల ఒక మిర్చి రకం పేరే నమూనాగ పెట్టినం, `చపాటా.సీఎస్‌వీ` అని, కింద ఒక లైన్ల "చపాటా బదులు మీ ఫైల్ పేరు పెట్టుకోండి" అని. గుమాస్తాలకు ఇదే మంచిగ అర్థమైంది.

పట్టికల పైప్ గుర్తున్న కమాండ్ పెడితే గడి నడుమకు చీలుతది, గిట్‌హబ్ మార్క్‌డౌన్‌ల అయితే బ్యాక్‌టిక్ లోపల ఉన్నా చీలుతది. పైప్ ముంగట బ్యాక్‌స్లాష్ పెట్టుండ్రి.

ఒక పేజీల బోల్డ్, ఇంకో పేజీల ఇటాలిక్, ఇంకోదాంట్ల కోట్ గుర్తులు

దీనికి కారణం సాఫ్ట్‌వేర్ కాదు, మనమే. నలుగురం రాస్తే నాలుగు తీర్లు. కొత్త రూలు కనిపెట్టుడు ఎందుకు, మ్యాన్ పేజీలది పాత రూలు ఉండనే ఉన్నది, యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబరుల వచ్చింది, అప్పటి సంది అరిగి అరిగి నున్నగ అయింది. ఉన్నది ఉన్నట్టు టైప్ చేయాల్సింది బోల్డ్. మీరు మార్చి పెట్టుకోవాల్సింది ఇటాలిక్. చదరపు బ్రాకెట్ల ఉన్నది పెట్టినా పెట్టకున్నా నడుస్తది. నిలువు గీత నడుమల ఉంటే రెండిట్ల ఏదో ఒకటి. మూడు చుక్కలుంటే మళ్ల మళ్ల ఇయ్యొచ్చు. వెబ్ పేజీల బోల్డ్ బదులు కోడ్ ఫాంట్ పెట్టుకోవచ్చు, గంతే తేడా. మేం బటన్ పేర్లకు మాత్రమే బోల్డ్ ఉంచినం, ఇంక దేనికీ బోల్డ్ లేదు. ముఖ్యమని బోల్డ్ పెట్టుడు కూడ బంద్, పెడితే ప్రతి లైనూ ముఖ్యమే అయితది.

ఒకవేళ అందరూ ఒక్క తీరుగనే రాసినా తేడా వస్తున్నదంటే ఫైల్ రకం చూడుండ్రి. మార్క్‌డౌన్‌ల ఒక్క బ్యాక్‌టిక్ అంటే కోడ్. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌ల కోడ్‌కు రెండు బ్యాక్‌టిక్‌లు పెట్టాలె, ఒక్కటే పెడితే మామూలుగ ఇటాలిక్ అయితది. మార్క్‌డౌన్ అలవాటున్నోడు స్ఫింక్స్ ఫైల్ ముట్టుకుంటే సగం పేజీ ఒరిగి పడుకుంటది.

హెల్ప్‌ల ఒకటి, గైడ్‌ల ఇంకోటి

ఎవరో ఒకరు హెల్ప్ అవుట్‌పుట్‌ను చేతితో కాపీ కొట్టి గైడ్‌ల పెడతరు, టూల్ మారుతది, గైడ్ మారదు. పైథాన్‌ల కమాండ్ ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్ లైబ్రరీ వాడేటోళ్లకు టూల్ మారకున్నా తేడా వస్తది: 3.10ల "ఆప్షనల్ ఆర్గ్యుమెంట్స్" అనే హెడ్డింగ్ ఉట్టి "ఆప్షన్స్" అయింది, 3.13 సంది విలువ పేరు పొట్టి ఆప్షన్ కాడ ఒకసారి, పొడుగు దాని కాడ ఒకసారి రాసుడు పోయి చివర ఒక్కసారే వస్తున్నది, 3.14ల రంగులు కూడ వచ్చినయి. మా నలుగురి కాడ మూడు పైథాన్‌లు, గైడ్‌ల మూడు రకాల హెల్ప్. చేతి కాపీ బంద్ చేసి బిల్డ్ టైంలనే టూల్‌ను నడిపి దాని అవుట్‌పుట్ పేజీల పడేటట్టు పెట్టినం, ఒక్క పైథాన్ వెర్షన్‌తోని. నడిపేటప్పుడు కాలమ్స్ అనే వేరియబుల్ 80 పెట్టాలె, లేకుంటే ఎవని టెర్మినల్ ఎంత వెడల్పుంటే లైన్లు అక్కడ విరుగుతయి. నో కలర్ వేరియబుల్ కూడ పెట్టుండ్రి, లేకుంటే రంగుల కోడ్లు పేజీల చెత్తలెక్క తేలే ప్రమాదం ఉంటది.

తెలుగు పెట్టంగనే కాలమ్స్ వంకర

మిర్చి రకాల పట్టిక టెర్మినల్‌ల చూపిస్తం: తేజ, వండర్ హాట్, చపాటా, వాటి పక్కన రేటు. ఇంగ్లీషుల సాపుగున్నది తెలుగుల పెట్టంగనే పాము లెక్క వంకర్లు పోయింది. వరంగల్ అనే మాట తీసుకోండ్రి. కంటికి కనబడేది నాలుగు: వ, రం, గ, ల్. యూనికోడ్ లెక్కల ఆరు, సున్న, పొల్లు వేరే వేరే గనుక. యూటీఎఫ్-8 బైట్లల్ల పద్దెనిమిది. సి భాష ప్రింట్‌ఎఫ్ బైట్లు లెక్కేసి ఖాళీలు పెడ్తది, పైథాన్ ఆరు అనుకొని పెడ్తది, టెర్మినల్ తన లెక్క తనది, ఫాంట్‌ల తెలుగక్షరం వెడల్పు ఎవనికీ సరిపోదు. దీనికి పూర్తి మందు లేదు, మూడు వారాలు కొట్లాడి చెప్తున్న. అంకెలు, కోడ్లు ఎడమ కాలమ్‌ల పెట్టి తెలుగు మాటను లైన్ చివరకు పంపేయుండ్రి, దాని తర్వాత ఏ కాలమూ లేకుంటే వంకర పోవడానికి ఏముండదు. మా పట్టికల ఇప్పుడు రేటు ముందు, చపాటా వెనక. అడ్తిదార్లు చూసేది ఎట్లనూ ముందు రేటే.