క్యాజువాలిటీ ఎంతవరకు ఆదుకుంటుందో చూసి రావాలంటే

ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వైద్యం ఎలా ఉందో చూసి రమ్మంటే చాలామంది సూపరింటెండెంట్ గదిలో కూర్చుని ఫారంలో "ఉంది, ఉంది" అని టిక్కులు పెట్టుకుని వచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి. "ఉందా" అని అడగొద్దు, "ఒకసారి చూపించండి" అనండి.

డబ్ల్యూహెచ్‌ఓ దగ్గర ఇందుకోసమే హీట్ అనే ప్రశ్నావళి ఉంది, దాన్నే తీసుకోండి. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, ఫలానా చికిత్స అందట్లేదని రాస్తే సరిపోదు, ఎందుకు అందట్లేదో కూడా రాయాలి. అసలు పరికరమే లేదా, ఉండి పాడైందా, మందు అయిపోయిందా, చేయడం వచ్చినవాళ్లు లేరా? పాడైన సక్షన్ మిషన్‌కి (గొంతులో అడ్డుపడే కఫం, రక్తం లాగేసేది) రిపేరు కావాలి, వాడటం రాని చోట ట్రైనింగ్ కావాలి. రెండింటికీ "లేదు" అని రాస్తే మళ్లీ ఇంకో కొత్త మిషనే వస్తుంది.

ముందు గుమ్మం దగ్గర ఒక గంట కూర్చోండి. 108 గానీ ఆటో గానీ వచ్చి ఆగినప్పటి నుంచి, ఎవరో ఒకరు పేషెంట్ నాడి పట్టుకునేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో వాచీ చూసి రాసుకోండి. మొదట ఎదురయ్యేది నర్సా, ఓపీ చీటీ కౌంటరా? యాక్సిడెంట్ కేసు అయితే పోలీసుల కోసం ఆగుతున్నారేమో గమనించండి, ఎందుకంటే ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

తర్వాత ఆక్సిజన్. నేను వెళ్లిన ఒక చోట మంచం పక్కనే బీ టైప్ సిలిండర్ ఉంది, నిండుగానే ఉంది. "పెట్టి చూపించండమ్మా" అంటే తిప్పే కీ కనబడలేదు, పక్క వార్డు నుంచి తెచ్చేసరికి ఆరు నిమిషాలైంది. ఫారంలో మాత్రం అది "ఉంది" కిందే లెక్క. బీ టైప్‌లో పట్టేది సుమారు 1,500 లీటర్లు, నిమిషానికి 10 లీటర్ల చొప్పున పెడితే రెండున్నర గంటలు వస్తుంది. రాత్రి ఇద్దరు ఆయాసంతో వస్తే తెల్లారేదాకా సరిపోతుందా అని అక్కడే లెక్క వేయండి.

మన పల్లెల్లో పురుగుమందు, పాముకాటు కేసులు ఎక్కువ కాబట్టి మందులు లెక్కపెట్టేటప్పుడు వీటి మీద టైమ్ పెట్టండి. పురుగుమందు కేసులో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఊపిరితిత్తుల్లో నెమ్ము తగ్గేదాకా ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోతే, నాలుగో డోసుకే మొత్తం 30 మిల్లీగ్రాములు అవుతుంది. 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్స్ అయితే ఒక్క మనిషికి 50! ట్రేలో పది కనిపించాయని ముచ్చటపడి టిక్కు పెట్టకండి. పాము విరుగుడు మొదటి డోసే సాధారణంగా పది వయల్స్, పిల్లలకైనా అంతే. ఆ విరుగుడు పడక రియాక్షన్ వస్తే వాడాల్సింది అడ్రినలిన్, కాబట్టి దాంతోపాటు అదీ ఉందో లేదో చూడండి. పాముకాటు కేసులో రక్తం గడ్డకడుతోందో లేదో 20 నిమిషాల పరీక్ష చేయడానికి శుభ్రమైన, పొడి గాజు ట్యూబ్ కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు. స్టోర్ రూమ్ తాళం రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి.

రాత్రి పన్నెండు దాటాక ఇంకోసారి తప్పకుండా వెళ్లండి. డ్యూటీ డాక్టర్ లోపలే ఉన్నారా, ఫోన్ చేస్తే వస్తారా, కరెంటు పోతే జనరేటర్ ఎవరు వేస్తారు? తిరిగి వచ్చేముందు క్యాజువాలిటీ రిజిస్టర్‌లో నెల రోజుల రిఫరల్ కేసులు తీసి, పెద్దాసుపత్రికి పంపేముందు ఏం చేశారో చూడండి. ఆ గడి ఖాళీగా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి.

స్టాఫ్‌కి టెన్షన్ ఉంటుంది, మెమో వస్తుందేమోనని. వచ్చింది తప్పులు పట్టడానికి కాదని మొదటే చెప్పండి, రిపోర్టులో ఎవరి పేరూ రాయకండి. రాసుకున్నదంతా నైట్ డ్యూటీ సిస్టర్‌కి చదివి వినిపించి, "ఇందులో ముందు ఏది బాగుచేయమంటారు సిస్టర్?" అని అడగండి. ఆవిడ చెప్పిందే రిపోర్టులో మొదటి లైన్‌గా పెట్టండి.