పిక్ టు లైట్ బిగించాక వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

గోదాములో ఏ సరుకు ఎక్కడి నుంచి తీయాలో లైట్లతో చూపించే పిక్ టు లైట్ పని చూడటానికి చాలా తేలిక. ట్రే బార్‌కోడ్ స్కాన్ చేయగానే, ఆ ఆర్డర్‌లోని సరుకు ఏయే అరల్లో ఉందో అక్కడ లైట్లు వెలుగుతాయి. పక్కనున్న డిస్‌ప్లేలో ఎన్ని తీయాలో అంకె పడుతుంది. అన్ని తీసి బటన్ నొక్కితే లైటు ఆరిపోతుంది. పికర్‌ (సరుకు తీసే మనిషి) చేతిలో కాగితం ఉండదు, అర కోసం వెతుకులాట ఉండదు.

ఇదంతా నిలబడేది ఒక్క నమ్మకం మీద. వెలిగిన చోటే సరుకు ఉంటుందని పికర్‌కి నమ్మకం ఉండాలి. రెండు మూడు సార్లు తప్పు అర దగ్గర లైటు వెలిగిందంటే, ఆ తర్వాత ప్రతి లేబులూ చదివి చూసుకోవడం మొదలుపెడతారు. అప్పుడు లైట్లు ఉన్నా పని పాత పద్ధతిలోనే నడుస్తుంది. అందుకే చిన్న తేడా కనిపించినా ఆ రోజే కారణం తేల్చమని నేను గట్టిగా చెబుతాను.

ఏ సమస్య వచ్చినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: తేడా ఒక్క లైటుకేనా, ఒక వరుసకా, మొత్తానికా? ఒక్కదానికే అయితే ఆ మాడ్యూలో (లైటు, డిస్‌ప్లే, బటన్ కలిసిన పెట్టె), దాని కనెక్టరో, దాని అడ్రసో (వ్యవస్థ దాన్ని గుర్తుపట్టే నంబరు) చూడాలి. వరుస మొత్తానికైతే కేబులో, ఆ వరుసకి కరెంటు ఇచ్చే పవర్ సప్లయో అయి ఉంటుంది. అన్నిటికీ అయితే కంట్రోలర్ (లైట్లన్నిటినీ నడిపే పరికరం), నెట్‌వర్క్, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలి. ఈ ప్రశ్న వేసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే సగం రోజు వృథా అవుతుంది.

ఒక్క లైటూ వెలగడం లేదు

పవర్ సప్లయ్ మీద పచ్చ దీపం ఉందో లేదో, బ్రేకర్ పడిపోయిందేమో చూడండి. కరెంటు సరిగానే ఉంటే కంట్రోలర్‌లోని టెస్ట్ స్క్రీన్ తెరిచి, ఏదో ఒక లైటును అక్కడి నుంచే వెలిగించండి. ఈ ఒక్క పరీక్షతో సమస్య రెండు ముక్కలవుతుంది.

టెస్ట్‌లో వెలిగి, ఆర్డర్ పంపితే వెలగకపోతే వైరింగ్‌ని ముట్టుకోవద్దు. గోదాము సాఫ్ట్‌వేర్, అంటే డబ్ల్యూఎంఎస్, కంట్రోలర్‌ని చేరడం లేదన్నమాట. ఎక్కువగా కనిపించే కారణం ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు. కంట్రోలర్‌కి రౌటర్ ఇచ్చిన తాత్కాలిక అడ్రస్‌తో పని మొదలుపెడతారు. ఒకరోజు అన్నీ ఆఫ్ చేసి ఆన్ చేసేసరికి అది మారిపోతుంది. డబ్ల్యూఎంఎస్ మాత్రం పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. కంట్రోలర్‌కి మారని అడ్రస్ ఇవ్వండి, దాన్ని ఇంకే పరికరానికీ ఇవ్వకుండా రౌటర్‌లో పక్కన పెట్టించండి. అయినా రాకపోతే సర్వర్‌లోని ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకి కాపలా కాసే సాఫ్ట్‌వేర్) కంట్రోలర్‌కి వెళ్లే పోర్టును ఆపుతోందేమో చూడాలి.

వరుస చివర లైట్లు మసకగా ఉన్నాయి, లేదా రద్దీలో ఆరిపోతున్నాయి

ఉదయం ఒక్కో లైటు వెలిగించి చూస్తే అంతా బాగుంటుంది. మధ్యాహ్నం ఆర్డర్లు ఎక్కువై ఒకేసారి చాలా లైట్లు వెలిగే సమయంలో చివరి మాడ్యూళ్లు మినుకుమంటాయి, లేదా వాటంతట అవే రీసెట్ అవుతాయి. మాడ్యూల్ పాడైందనుకుని మారుస్తారు. కొత్తదీ అలాగే చేస్తుంది. ఇక్కడ దోషం వైరులో పోతున్న వోల్టేజీది.

లెక్క వేసి చూద్దాం. 30 మీటర్ల వరుసలో 100 మాడ్యూళ్లు ఉన్నాయి, వెలిగినప్పుడు ఒక్కోటి 40 మిల్లీయాంపులు తీసుకుంటుంది అనుకుందాం. అన్నీ వెలిగితే 4 యాంపులు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి పోను రాను 60 మీటర్లకి నిరోధం దాదాపు 1.4 ఓమ్‌లు. మాడ్యూళ్లు వరుస పొడవునా పంచుకుని ఉంటాయి కాబట్టి పూర్తి కరెంటు చివరిదాకా వెళ్లదు. సుమారు సగం లెక్కన చూసినా 3 వోల్టుల దాకా పోతుంది. మొదట్లో 24 వోల్టులు ఇస్తే చివరికి 21 మాత్రమే చేరతాయి. కనెక్టర్లు వదులుగా ఉంటే ఇంకా తగ్గుతుంది.

కాబట్టి కొలత ఎప్పుడూ అన్ని లైట్లూ వెలిగించి, చివరి మాడ్యూల్ దగ్గర తీసుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడు మల్టీమీటర్ 24 చూపించిందంటే దానివల్ల ఏమీ తెలియదు. వచ్చిన అంకెను మాడ్యూల్ తయారీదారు ఇచ్చిన కనీస వోల్టేజీతో పోల్చండి. తక్కువైతే లావు వైరు వేయండి, లేదా పవర్ సప్లయ్‌ని వరుస మధ్య నుంచి ఇవ్వండి. రెండో పవర్ సప్లయ్ పెడితే ఆ చోట ప్లస్ వైరును రెండు భాగాలుగా విడగొట్టి, మైనస్ వైరును మాత్రం కలిపే ఉంచాలి. మైనస్ కలవకపోతే డేటా సిగ్నల్‌కి ఆధారం పోయి కొత్త సమస్య మొదలవుతుంది. మెయిన్ కరెంటు వైపు పని ఉంటే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

లైట్లు ఉండుండి స్పందించడం లేదు

ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు. బటన్ రెండు సార్లు నొక్కితే గానీ ఆరదు. చాలా వ్యవస్థల్లో మాడ్యూళ్ల మధ్య మాటలు నడిచేది ఆర్‌ఎస్-485 పద్ధతిలో, రెండు డేటా వైర్ల మీద. ఈ లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్ ఉండాలి. లేకపోతే సిగ్నల్ చివరిదాకా వెళ్లి వెనక్కి తన్నుతుంది.

పవర్ తీసేసి రెండు డేటా వైర్ల మధ్య నిరోధం కొలవండి. దాదాపు 60 ఓమ్‌లు వస్తే రెండు చివర్లా రెసిస్టర్ ఉన్నట్టు. 120 వస్తే ఒకటే ఉంది. 40 చుట్టుపక్కల వస్తే ఎవరో మధ్యలో మూడోది ఆన్ చేసి వదిలేశారు. వరుసను పొడిగించినప్పుడు పాత చివరి మాడ్యూల్‌లో రెసిస్టర్ ఆఫ్ చేయడం మర్చిపోతే సరిగ్గా ఇదే జరుగుతుంది.

రెసిస్టర్లు సరిగా ఉంటే కేబుల్ దారి చూడండి. లైను ఒక మాడ్యూల్ నుంచి ఇంకో మాడ్యూల్‌కి వరుసగా సాగాలి, మధ్యలో పొడవైన కొమ్మలు చీల్చకూడదు. కన్వేయర్ తిరిగినప్పుడే తేడా వస్తోందా? అయితే మోటార్ వేగాన్ని నియంత్రించే డ్రైవ్ నుంచి వచ్చే విద్యుత్ రొద కారణం కావచ్చు. డేటా కేబుల్‌ని మోటార్ కేబుళ్లున్న ట్రేలోంచి తీసి దూరంగా వేయండి. షీల్డ్ ఉన్న మెలి తిప్పిన జత కేబుల్ వాడండి.

తప్పు అర దగ్గర వెలుగుతోంది

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. లైటు వెలగకపోతే పని ఆగుతుంది, అందరికీ తెలుస్తుంది. తప్పు చోట వెలిగితే పని ఆగదు. తప్పు సరుకు ప్యాకై వెళ్లిపోతుంది, స్టాక్ లెక్కలో రెండు చోట్ల తేడా వస్తుంది, విషయం బయటపడేది కస్టమర్ ఫిర్యాదు చేశాకే.

కారణాలు మూడు చోట్ల ఉంటాయి. ఒకటి మాడ్యూల్ అడ్రస్. రెండు మాడ్యూళ్లకి ఒకే అడ్రస్ ఉంటే రెండూ వెలుగుతాయి, లేదా రెండూ తికమకపడతాయి. పాడైన మాడ్యూల్ స్థానంలో కొత్తది పెట్టి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్రస్‌నే వదిలేసినప్పుడు ఇలా అవుతుంది.

రెండోది మ్యాపింగ్, అంటే ఏ అడ్రస్ ఏ అరకి చెందుతుందో చెప్పే పట్టిక. బిగించేటప్పుడు ఎడమ నుంచి కుడికి వెళ్లి, పట్టిక రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి రాస్తే వరుసంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. పట్టికను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ఇంకో గొడవ ఉంది. 0012 అనే అర కోడ్ 12గా మారిపోతుంది. ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా పెట్టాలి. సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లిష్ 'ఓ' అక్షరం పడినా కంటికి తేడా తెలియదు.

మూడోది పూర్తిగా మనుషుల పని. సరుకును వేరే అరకి మార్చారు, డబ్ల్యూఎంఎస్‌లో మార్చలేదు. లైటు తనకి తెలిసిన పాత చోటే చూపిస్తుంది. సరుకు జరిపినవారే ఆ క్షణంలోనే స్కాన్ చేసి మార్పు నమోదు చేసేలా పెట్టాలి. సాయంత్రం కూర్చుని రాద్దామనుకుంటే ఈలోపు వచ్చిన ఆర్డర్లన్నీ తప్పుతాయి.

పరిష్కారానికి నడక పరీక్షను మించింది నాకు తెలియదు. ఇద్దరు కావాలి. ఒకరు డబ్ల్యూఎంఎస్‌లో అర కోడ్ ఎంచుకుని ఆ లైటు వెలిగిస్తారు. ఇంకొకరు వెలిగిన చోటికి వెళ్లి, అర మీదున్న లేబుల్‌ని పైకి చదువుతారు. స్క్రీన్ ముందున్న వ్యక్తి ఆ కోడ్‌ని ముందుగా చెప్పకూడదు, చెబితే రెండో మనిషి చూడకుండానే తలూపేస్తారు. వెలిగించడం కంట్రోలర్ నుంచి కాకుండా డబ్ల్యూఎంఎస్ నుంచే జరగాలి, అప్పుడే మధ్యలోని పట్టిక కూడా పరీక్షకి వస్తుంది. వెయ్యి అరలుంటే వెయ్యీ చూడాలి. నమూనాకి పది చూసి వదిలేస్తే పదకొండోది తప్పు ఉంటుంది.

స్కాన్ చేసినా స్పందన లేదు

నోట్‌ప్యాడ్ తెరిచి ట్రే బార్‌కోడ్ స్కాన్ చేయండి. కోడ్ పడి, కర్సర్ కింది లైనుకి దిగితే స్కానర్ ఎంటర్ పంపుతోంది. దిగకపోతే, స్కానర్ మాన్యువల్‌లో ఉండే సెట్టింగ్ బార్‌కోడ్‌తో ఎంటర్ జత చేయాలి. కోడ్ ముందు వెనుక అదనపు అక్షరాలు పడుతున్నాయేమో కూడా అక్కడే కనిపిస్తుంది.

బటన్ నొక్కినా ఆర్డర్ పూర్తి కావడం లేదు, లేదా అదే ఆర్డర్ మళ్లీ వస్తోంది

లైటు ఆరింది, కానీ డబ్ల్యూఎంఎస్‌లో ఆర్డర్ ఇంకా పెండింగ్‌లో ఉంది. పూర్తయిందనే సందేశం దారిలో పోయింది. నెట్‌వర్క్ ఒక్క నిమిషం తెగినా ఇలా అవుతుంది. తర్వాత డబ్ల్యూఎంఎస్ ఆ ఆర్డర్‌ని మళ్లీ పంపితే సరుకు రెండు సార్లు తీస్తారు.

టెన్షన్‌లో కంట్రోలర్‌ని రీస్టార్ట్ చేయకండి, లోపల నిలిచి ఉన్న సందేశాలు కూడా పోవచ్చు. ముందు లాగ్ (సందేశాల నమోదు) చూసి, ట్రేలో ఏముందో చేత్తో లెక్కపెట్టి, ఆర్డర్‌ని అక్కడికే ముగించండి. శాశ్వత పరిష్కారం సాఫ్ట్‌వేర్ వాళ్లతో చేయించాలి. ప్రతి సందేశానికీ వేరే నంబరు ఉండాలి, అందిందని జవాబు వచ్చేదాకా పంపినవారు దాన్ని దాచుకోవాలి, అదే నంబరు రెండోసారి వస్తే అందుకున్నవారు పట్టించుకోకూడదు.

అరలో 5 ఉండాల్సింది 3 మాత్రమే ఉంటే ఏం చేయాలో కూడా ముందే నేర్పాలి. డిస్‌ప్లేలో అంకె తగ్గించే బటన్ ఉంటే అది నొక్కి 3 అని చెప్పాలి. ఇది నేర్పకపోతే పికర్‌లు 5 అనే నొక్కేసి ముందుకు వెళతారు. తప్పు వాళ్లది కాదు.

లైట్లన్నీ సరిగ్గా ఉన్నా తప్పులు వస్తున్నాయి

ఇక్కడ మీటర్లు పక్కన పెట్టి, ఒక గంట పికర్‌ పక్కన నిలబడి చూడండి. నేను మళ్లీ మళ్లీ చూసినవి కొన్ని ఉన్నాయి. డిస్‌ప్లేలో 2 అని ఉంటే రెండు విడి ముక్కలా, రెండు డబ్బాలా అన్నది అర మీద రాసి ఉండదు. లైటు కొన్ని ర్యాకుల్లో అర పైన, కొన్నిటిలో అర కింద ఉంటుంది, కాబట్టి మధ్యలో వెలిగినది ఏ అరదో తెలియదు. అన్ని చోట్లా ఒకే పక్కన బిగించి, చిన్న అరలకి బాణం గుర్తు అంటించండి. కొందరు సరుకు తీయకముందే బటన్ నొక్కేస్తారు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే తీశామో లేదో గుర్తుండదు. తీసి ట్రేలో వేశాకే నొక్కాలన్న అలవాటు మొదటి రోజే పడాలి.

ఒకే వరుసలో ఇద్దరు పని చేస్తే ఇద్దరికీ వేరు రంగులు ఇస్తారు. ఎరుపు, పచ్చ జంటను మాత్రం పెట్టొద్దు. ఆ రెండింటినీ వేరుగా చూడలేనివారు, ముఖ్యంగా మగవారిలో, తక్కువేమీ కాదు, చాలామంది ఆ సంగతి పైకి చెప్పరు. నీలం, నారింజ మేలు. ఒకటి వెలుగుతూ, ఇంకోటి మినుకుతూ ఉండేలా పెడితే రంగుతో పనే ఉండదు. కిటికీ ఎండ నేరుగా పడే ర్యాకుల్లో లైటు కనబడదు, ఆ వరుసకి వెలుగు పెంచండి, లేదా ఎండకి అడ్డు కట్టండి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్క వరుసతోనే మొదలుపెట్టండి, నడక పరీక్ష పూర్తికాని వరుసకి ఆర్డర్లు ఇవ్వకండి. వ్యవస్థ ఆగిపోయిన రోజు కోసం కాగితం పిక్ లిస్ట్ ప్రింట్ తీసే దారి తెరిచే ఉంచండి. మ్యాపింగ్ మారిన ప్రతిసారీ కంట్రోలర్ బ్యాకప్ తీసి, ఫైల్ పేరులో తేదీ వేసి, వేరే కంప్యూటర్‌లో దాచండి. విడి మాడ్యూళ్లు నాలుగైదు దగ్గర పెట్టుకుని, వాటి డబ్బా మీదే అడ్రస్ మార్చే విధానం రాసి అంటించండి. రాత్రి షిఫ్టులో మాడ్యూల్ మార్చేవారికి మాన్యువల్ దొరక్కపోయినా ఆ డబ్బా మాత్రం చేతిలోనే ఉంటుంది.